మా రోజుల్లో సత్యభామకు వెబ్‌సైట్ లేదు

అమ్మాయ్, నీ వెబ్‌సైట్ చూశాను. మా మనవడు ఫోన్లో తెరిచి చేతికిచ్చాడు. అందంగా ఉంది, కాదనను. తెరవగానే నీ ఫొటో, పేరు, పేరు పక్కన బిరుదులు, ఏయే దేశాల్లో ఆడావో వరసగా. ఇవన్నీ దాటుకుంటూ ‘రాబోయే కార్యక్రమాలు’ అన్న చోటికి వచ్చాను. నాకు కావలసింది అదే. నువ్వెప్పుడు ఆడతావో తెలుసుకుని వచ్చి చూద్దామని. అక్కడ ఏముంది? ఒక తేదీ, ఒక హాలు పేరు, టికెట్ కోసం ఇక్కడ నొక్కండి అని ఒక బొత్తాం. ఏం ఆడతావో లేదు. ఎవరు పాడతారో లేదు. నట్టువాంగం ఎవరిది, మృదంగం ఎవరిది, అసలు పాడేవాళ్లు ఉంటారా లేక రికార్డు వేసి ఆడేస్తావా, ఒక్క ముక్క లేదు. నీ ముక్కుపుడక మాత్రం ఎంత దగ్గరగా కావాలంటే అంత దగ్గరగా కనిపిస్తోంది.

మా రోజుల్లో కబురు ఇలా వచ్చేది కాదు. మాది కృష్ణా జిల్లా, కూచిపూడికి దగ్గర పల్లె. రిక్షాకు మైకు కట్టుకుని ఒకతను వచ్చేవాడు. పల్చటి గులాబీ రంగు, పసుపు రంగు కాగితాలు గాల్లోకి విసిరేవాడు, మేం వాటి కోసం దుమ్ములో పడి కొట్టుకునేవాళ్లం. కాగితం పైన దేవుడి పేరు, తరవాత ఉత్సవం పేరు, తరవాత ఏ నాటకం, సత్యభామ ఎవరు, మాధవి ఎవరు, మృదంగం ఎవరు అన్నీ ఉండేవి. అడుగున ఊరి పెద్దల పేర్లు, అందరూ విచ్చేసి జయప్రదం చేయమని ప్రార్థన. ఆ కాగితం అచ్చువేసిన ప్రెస్సు పేరు కూడా ఓ మూల చిన్నక్షరాల్లో ఉండేది. ఆటగాడి ఫొటో మాత్రం ఉండేది కాదు. బ్లాకు చేయించడానికి డబ్బులు ఎవరి దగ్గరున్నాయి? ఫొటో లేకపోయినా, సత్యభామ వేషం వేదాంతం సత్యనారాయణ శర్మ గారిదని ఒక్క ముక్క వినపడితే చాలు, చల్లపల్లి నుంచి, ఘంటసాల నుంచి, పామర్రు నుంచి బళ్లు కట్టుకుని వచ్చేవారు. 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది గానీ, మా వైపు రైతులకు ఆయనెవరో ఢిల్లీ వాళ్లు చెప్పాల్సిన అవసరం ఏనాడూ లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే ఆ కాగితమూ లేదు. మా నాయనగారి చిన్నప్పుడు మేళం ఊళ్లోకి దిగిందంటే అదే ప్రకటన. మగవాళ్లు పొడుగు జుట్లతో, చెవులకు కమ్మలతో వీధిలో నడిచి వస్తుంటే భాగవతులు వచ్చారని ఊరంతా చెప్పుకునేది. తిథి ముందే తెలుసు. స్వామివారి కల్యాణం ఏ పౌర్ణమికో, ఆట ఆ రాత్రికే. అన్నాలు తిని, చాపలు చుట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని కూర్చుంటే మద్దెల మోగేది. ఆ మోతకు పక్క ఊరి వాళ్లు కూడా పొలం గట్లంట వచ్చి కలిసేవారు. ఆట తెల్లవారేదాకా. ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు ముగుస్తుంది అని అడిగినవాడు లేడు. ఇప్పుడు ఆరున్నరకి మొదలు, ఎనిమిదింటికి హాలు ఖాళీ చేయాలి, ముందు గంటసేపు శాలువాలు.

అసలు చెప్పాలనుకున్నది సత్యభామ సంగతి. దాన్ని వదిలి శాలువాల మీదికి వెళ్లిపోయాను.

భామాకలాపంలో సత్యభామ రాక ఎలా ఉంటుందో నీకు గురువుగారు చెప్పే ఉంటారు. రెండు వైపులా ఇద్దరు తెర పట్టుకుంటారు. సూత్రధారి వచ్చేదెవరో చెబుతాడు. దివిటీల మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గున మంట లేస్తుంది. అప్పుడు తెర మీదుగా జడ ఇవతలికి పడుతుంది. మనిషి కనపడదు, జడ ఒక్కటే కనపడుతుంది. ఆ జడ వేయడం అలంకారం కోసం కాదని మా పెద్దలు చెప్పేవారు. అది పందెం. నాట్యంలో, సంగీతంలో, శాస్త్రంలో నాతో వాదించి గెలవగలిగినవాడు ఈ సభలో ఉంటే వచ్చి ఈ జడ కోసుకోవచ్చని దాని అర్థమట. ఆ తరవాత ప్రవేశదరువు. తానెవరో, తన అందమెంతో, తన మగడెవరో, తనంతటిది లేదని సత్యభామే చెప్పుకుంటుంది. నీ వెబ్‌సైట్లో నీ గురించి నువ్వు చెప్పుకున్నావే, అంతకు పదింతలు చెప్పుకుంటుంది.

అయితే ఆమె ఎక్కడ చెప్పుకుంది? జనం ఎదురుగా. అడుగు తప్పితే నొచ్చుకునే ముసలాయన ముందు వరసలో కూర్చుని ఉండగా. చెప్పుకుంటూనే ఆడి చూపించింది. మాట, ఆట ఒకే చోట, ఒకే క్షణంలో ఉండేవి కాబట్టి చెప్పిన గొప్ప నిజమో కాదో అక్కడికక్కడే తేలిపోయేది. నువ్వు మీ ఇంట్లో కూర్చుని, నిన్ను నేనింకా చూడకముందే, నీ ఆట అద్భుతం అని నువ్వే రాసి పెడితే నేనెలా నమ్మేది? ఆ జడ నేను పట్టుకోలేనంత దూరంలో ఉంది. నాకు కోపం అక్కడ. నువ్వు గొప్పలు చెప్పుకున్నందుకు కాదు. గొప్ప చెప్పుకోవడం మన కూచిపూడిలో ఉన్నదే.

మా నడివయసుకి కరపత్రం పోయి సభలు వచ్చాయి. హైదరాబాదులో 1961లో రవీంద్రభారతి తెరిచారు. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, బెజవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం. సభవాళ్లు ఇంటికి కార్డు పంపేవారు. పోస్టుమాన్ తెచ్చిన ఆ కార్డు మీద ఏ రోజు ఎవరి కచేరీ, ఎవరి నాట్యం అని వరసగా ఉండేది. దాన్ని గోడకున్న క్యాలెండర్ మేకుకి గుచ్చేవాళ్లం. పొద్దున్నే పేపర్లో ‘నేడు నగరంలో’ అన్న చోట రెండు లైన్లు. అంతే ప్రచారం. మద్రాసులో వెంపటి చినసత్యం గారు 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. అక్కడి నుంచి నృత్యనాటకం వస్తోందని ఆ రెండు లైన్లలో కనపడితే సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా హాలుకే. ఆ కార్డులో నాకు నచ్చేది ఏమిటంటే, ఆ పేరు రాసినవాడు ఆ నర్తకి కాదు. సభ కార్యదర్శి. ఆయన ఆమెను ఎక్కడో చూసి, బాగుందనుకుని, తన సభ్యులకు చూపించాలనుకుని రాసేవాడు. బాగా లేకపోతే మర్నాడు మేం ఆయన్ని నిలదీసేవాళ్లం. ఆ పూచీ ఇప్పుడు ఎవరిది?

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. లేకపోతే నీకు అన్యాయం చేసినవాడినవుతాను. ఆ కార్యదర్శికి ఎవరు తెలుసో వాళ్లకే ఆ కార్డులో చోటు. ఊళ్లో మేనమామ లేని పిల్ల, గురువుగారికి పలుకుబడి లేని పిల్ల ఎంత బాగా ఆడినా ఆ రెండు లైన్లలోకి రావడానికి ఏళ్లు పట్టేది. ఇంకా వెనక్కి వెళ్తే మరీ ఘోరం. మా కూచిపూడి మేళాల్లో ఆడవాళ్లకు చోటే లేదు. సత్యభామ కూడా మగవాడే. గుళ్లో తరతరాలుగా ఆడిన కళావంతుల ఆడవాళ్లకు తమ విద్య చూపించుకునే చోట్లు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ చట్టం వచ్చాక గుడి ఆటా లేకుండా పోయింది. వాళ్ల పేరు ఏ గులాబీ కాగితం మీదా నేను చదవలేదు. ఫలానా రోజు నేను ఆడుతున్నాను, రండి అని ఎవరి అనుమతీ అడగకుండా లోకానికి చెప్పుకోగలగడం ఎంత పెద్ద సంగతో వాళ్లను తలుచుకుంటే తెలుస్తుంది. అందుకని వెబ్‌సైట్ తీసేయమని నేను అనను. అందులో రాయాల్సింది రాయమంటున్నాను.

చెన్నైలో అనితా రత్నం గారు 1992లో ‘నర్తకి’ పేరుతో దేశంలోని నాట్యకారుల చిరునామాల పుస్తకం తెచ్చారు. 2000లో అది ఇంటర్నెట్‌లోకి వెళ్లింది. ఎవరెక్కడ ఆడుతున్నారో ఒకేచోట చూసుకునే వీలు అప్పుడు కలిగింది. అది మంచి పనే, నా వయసువాళ్లు కూడా మెచ్చుకున్నారు. తరవాతే వచ్చింది తంటా. ఒకేచోట ఉన్నది వెయ్యి చోట్లకు చెదిరిపోయింది. ప్రతి పిల్లకూ ఒక వెబ్‌సైట్, అది చాలదని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ గ్రూపు. ఈ నెలలో హైదరాబాదులో ఎవరి నాట్యం ఉందని తెలుసుకోవాలంటే ఇప్పుడు నేను నర్తకులందరి ఇళ్ల తలుపులూ తట్టినట్టు ఒక్కొక్క పేజీ తట్టుకుంటూ తిరగాలి.

తిరిగినా నమ్మకం లేదు. ఒక అమ్మాయి పేజీలో తరంగం ఉందని రాసి ఉంది. తరంగమంటే నాకు ప్రాణం. ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు పెట్టి, నెత్తిన చెంబుతో ఆడుతుంటే ఆ పళ్లెం నేల మీద చేసే చప్పుడు వేరు. రెండు బస్సులు మారి వెళ్లాను. హాలుకి తాళం. కాపలావాడు, ఆ కార్యక్రమం వచ్చే నెలకు మార్చారండీ అన్నాడు. మా రోజుల్లో ఆట ఆగిపోతే పొద్దున్నే అదే రిక్షా మళ్లీ వచ్చి మైకులో చెప్పి వెళ్లేది. ఈ అమ్మాయి పేజీలో పాత తేదీ అలాగే ఉంది. ఆ తేదీ గడిచి చాలా రోజులైనా ‘రాబోయే’ అనే ఉంది. ఇలాంటి పేజీలు ఎన్ని చూశానో. కొన్నింటిలో కరోనా ముందు జరగాల్సిన కార్యక్రమాలు ఇంకా రాబోతూనే ఉన్నాయి.

ఇక అమెరికాలో ఉన్న మన పిల్లల సంగతి. అక్కడ మనవాళ్లు కూచిపూడిని నిలబెట్టారు, ఆ మాట వెయ్యిసార్లు చెబుతాను. 2008లో సిలికానాంధ్ర వాళ్లు కుపర్టినోలో అంతర్జాతీయ కూచిపూడి సమ్మేళనం పెట్టారంటే మాకు ఇక్కడ కళ్లు చెమర్చాయి. కానీ వాళ్ల పేజీల్లో తేదీ చదవడం నా వల్ల కాదు. 3/4 అని ఉంటే అది మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా? వాళ్లు నెల ముందు వేస్తారు, మనం రోజు ముందు వేస్తాం. ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం సాయంత్రం ఆరుకి అని ఉంటే ఏ ఊరి ఆరు? మా చెల్లెలి మనవరాలి రంగప్రవేశం ఇలాగే పోగొట్టుకున్నాను. మన తెల్లవారుజామున అయిపోయిందట.

నీ కష్టం నాకు తెలియదనుకోకు తల్లీ. పొద్దున సాధన చేసుకోవాల్సిన పిల్లవి, కూర్చుని ఫొటోలు ఎంచుకుంటున్నావు. ఒక వీడియో ముక్క కోసి పెడతావు, ఎంతమంది చూశారని లెక్క చూసుకుంటావు, తగ్గితే దిగులు పడతావు. ఆనాటి మేళగాడికి ఆ పని లేదు. ఊరు పిలిచేది, ఊరే చాటింపు వేసేది, ఊరే అన్నం పెట్టేది. అతను ఆడటం ఒక్కటే చూసుకునేవాడు. ఇప్పుడు పిలుపూ నీదే, చాటింపూ నీదే, హాలు అద్దె కూడా చాలాసార్లు నీదే. నీ నాట్యానికి దక్కాల్సిన వేళ ఈ చాకిరీ తినేస్తోందని నాకు బాధ. సభలవాళ్లూ, ఊళ్లవాళ్లూ తమ పని నీ నెత్తిన పెట్టి పక్కకు తప్పుకున్నారు. నేను గొణుగుతున్నది నీ మీద కంటే వాళ్ల మీదే ఎక్కువ. కాకపోతే వాళ్ల పేజీలు ఇంతకన్నా దరిద్రంగా ఉన్నాయి, చదివే ఓపిక లేక నీకు చెబుతున్నాను.

కాబట్టి ఇలా చెయ్యి. ఫొటో ఒక్కటి చాలు. తేదీని అంకెల్లో కాకుండా నెల పేరుతో రాయి, వారం కూడా రాయి. ఏం ఆడుతున్నావో రాయి. భామాకలాపమైతే ఏ ఘట్టమో, మాధవి వేషం ఎవరిదో రాయి. పాడేవాళ్ల పేరు నీ పేరంత అక్షరాల్లో వెయ్యి, మృదంగం, వయొలిన్, వేణువు వాళ్లవి కూడా. రికార్డు వేస్తే రికార్డని రాయి, దాచకు. గురువుగారి పేరు అడుగున ఎక్కడో కాదు, పైన వెయ్యి. కార్యక్రమం మారితే ఆ పూటే మార్చు, అయిపోతే ఆ రాత్రే తీసెయ్యి. హాలుకి ఏ నంబరు బస్సు వస్తుందో, మెట్లు ఎన్నో, ముందు వరసలో ముసలివాళ్లకు కుర్చీలు ఉంచుతారో లేదో కూడా రాస్తే నాలాంటివాళ్లు నలుగురు ఎక్కువ వస్తారు. ఆట ఎన్నింటికి ముగుస్తుందో కూడా రాయి. మా వైపు ఆఖరి బస్సు తొమ్మిదింటికి, అది తప్పితే స్టాండులో తెల్లవారేదాకా కూర్చోవాలి.