పదో నంది

మహానందిలో శిల్పకళా ప్రదర్శన పెట్టాలని ఎవరికైనా బుద్ధి పుడితే, ముందు వేసుకోవలసింది కమిటీ. అధ్యక్షుడు, గౌరవాధ్యక్షుడు, ముగ్గురు ఉపాధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి. ఉలి పట్టినవాణ్ణి మాత్రం పొరపాటున కూడా కమిటీలోకి రానివ్వకూడదు. మీటింగు పెట్టినప్పుడల్లా పనిలో ఉన్నానంటాడు. తీరా వస్తే బాడుగ ఎంత, కూలి ఎంత అంటాడు. కళ గురించి పెద్దలు మాట్లాడుతున్నచోట అంతకంటే రసభంగం ఉందా?

చోటుకు ఢోకా లేదు. పక్కన నల్లమల, కోనేట్లో తేటనీరు, దారికిరువైపులా అరటి తోటలు. సరుకుకూ కొదవ లేదు. ఆళ్లగడ్డ శిల్పుల షెడ్లలో వినాయకుడి నుంచి అంబేద్కర్ దాకా అందరూ సిద్ధంగా ఉంటారు. ఎంపికకు న్యాయనిర్ణేతలెందుకు? ఏది పెద్దగా కనిపిస్తే దాన్ని ఎత్తుకొచ్చేయండి. అది ఏ పల్లెవాళ్లో ఇంటింటా చందాలు పోగేసి గుడి కోసం చెక్కించుకుంటున్నది కావచ్చు. ప్రతిష్ఠ నాడు కళ్లు తెరవవలసిన విగ్రహమే కావచ్చు. ఆ పల్లెను అడగాలా? మూడు రోజులు సెల్ఫీలకు నిలబడితే దేవుడు అరిగిపోతాడా?

పిలుపుల విషయంలో అహోబిలం నరసింహస్వామి పద్ధతి మనకు పనికిరాదు. ఆయనకు తీరిక ఎక్కువ. తన కల్యాణానికి రమ్మని చెప్పడానికి కనుమ నాడు పల్లకీ ఎక్కి, నెలకు పైగా పల్లె పల్లెకూ స్వయంగా తిరుగుతాడు. చెంచులక్ష్మి పుట్టింటివాళ్లైన చెంచులను కూడా పేరుపేరునా పిలుస్తాడంటారు. మన కమిటీకి వాట్సాప్ ఉంది. గూడేనికి ఒక మెసేజీ కొడితే చెంచులు విల్లంబులతో వచ్చి స్టేజీ పక్కన నిలబడతారు, 'గిరిజన సంస్కృతి' విభాగం దానంతటదే పూర్తవుతుంది. వాళ్లు ఆ ఫోటోకు ఒప్పుకున్నారా అని ఎవరో ఒక కుర్రాడు అడుగుతాడు. వాడికి వాలంటీరు బ్యాడ్జీ తగిలించి పార్కింగు చూసుకోమని పంపండి.

ఇక ప్రదర్శనలో అసలైన కళాఖండం ప్రారంభోత్సవ శిలాఫలకం. అందులో రాజీ పడకూడదు. ప్రోటోకాల్ వరుస తప్పకుండా, హోదాలతో సహా, ఒక్క అక్షరదోషం లేకుండా చెక్కించాలి. చెక్కేది ఎలాగూ ఆ ఆళ్లగడ్డ ఆచారే. ముప్పై పేర్లు చెక్కాక అడుగున ఓ మూల తన పేరు పెట్టుకోవచ్చా అంటే, రాయి చాలదని చెప్పండి.

బాదామి చాళుక్యులకు ఈపాటి పొదుపు తెలియలేదు. మహానంది గుడి శిఖరాన్ని చూసి వాళ్ల శైలే అంటారు కదా, ఆ రాజులే. రెండో విక్రమాదిత్యుడు కంచిని మూడుసార్లు గెలిచాడని ఎనిమిదో శతాబ్దంలో ఆయన రాణి లోకమహాదేవి పట్టదకల్లులో విరూపాక్షాలయం కట్టించింది. అక్కడి శాసనంలో రాజు గెలుపుతో పాటు గుండ అనే స్థపతి పేరు, ఆయనకిచ్చిన బిరుదు కూడా ఉన్నాయి. అంత రాయి దండగ! పాలంపేటలో మరీ ఘోరం. 1213లో గుడి కట్టించింది రేచర్ల రుద్రుడు. జనమేమో చెక్కినవాడి పేరట అంటూ రామప్ప గుడి అని స్థిరపరిచేశారు. 2021లో యునెస్కో కూడా ఆ పేరు వదల్లేదు. ఖర్చు పెట్టుకున్నవాడి గతి అది. రాయలసీమలో అలాంటి అనర్థం జరగనిస్తామా?

చట్టం చదువుకున్నవాళ్లూ తగులుతారు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ అని ఒకటుంది. హక్కులన్నీ రాసిచ్చేసినా ఆ పని తనదేనని చెప్పుకునే హక్కు, తన పరువు పోయేలా దాన్ని చెడగొడితే నిలదీసే హక్కు చేసినవాడి దగ్గరే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకేసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెక్కాడు. మిగిలిన ముక్కలు ఆయనకిచ్చేసి, పైన ఐదు లక్షలు కట్టమని ఢిల్లీ హైకోర్టు ప్రభుత్వానికి చెప్పింది. కమిటీ కంగారు పడనక్కర్లేదు. 1992లో వేసిన దావాకు తీర్పు వచ్చింది 2005లో. మన ప్రదర్శన మూడు రోజులే. కాబట్టి ప్రతి విగ్రహం కిందా 'ఆళ్లగడ్డ శిల్పం' అని అట్టముక్క పెడితే సరి. ఊరికి పేరొస్తే ఊళ్లో ఉన్నవాడికి రానట్టా?

పద్దుల్లో చిక్కు లేదు. షామియానా, సౌండు, ఫ్లెక్సీలు, భోజనాలు, అతిథులకు కార్లు, మెమెంటోలు. ఇవన్నీ పోగా మిగిలినదాంట్లో శిల్పికి ఒక శాలువా. విగ్రహం ఏదైనా అమ్ముడైతే కమిటీ వాటా ఎంతో ముందే కాగితం మీద రాసుకుందామని ఆచారి అన్నాడా, నమ్మకం లేని మనుషులతో కళాసేవ ఎలా చేస్తామని నొచ్చుకోండి. ఆ నొచ్చుకోవడం కాస్త మైకులో చేస్తే ఇంకా మంచిది.

చివరి రోజు శాలువా కప్పించుకున్నాక కూడా ఆచారి కదలడు. ప్రదర్శనకు తెచ్చిన టన్ను బరువున్న నందిని తిరిగి ఆళ్లగడ్డకు చేర్చాలి, క్రేనుకూ లారీకీ ఎవరిస్తారు, దారిలో కొమ్ము విరిగితే ఎవరిది పూచీ అంటాడు. దీనికి కోశాధికారి ఇవ్వవలసిన జవాబు ఇది:

"ఏమప్పా ఆచారీ, ఇంత పేరు తెచ్చిపెడితిమి, బాడుగ కూడా మేమే పెట్టుకోవాల్నా? నందిని ఈడనే ఉండనీలే. నంద్యాల సుట్టూ తొమ్మిది నందులుండాయి, ఇది పదోదైతాది. దాత అని మన అధ్యక్షుడి పేరు రాయిద్దాం. ఆ అచ్చరాలు కూడా నువ్వే చెక్కుదువులే, బయటోనికి ఎందుకు ఇయ్యల్ల?"