గోట్టింగెన్ సందేశము: సటీకా తాత్పర్యము

అవతారిక

మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కరలేనిదానిని పలుకననియు ప్రతిజ్ఞ పట్టి మేఘసందేశమునకు వ్యాఖ్య రచించిన మల్లినాథసూరి మహనీయుడు. ఆ ప్రతిజ్ఞ చెల్లించుకొనుటకు ఆయనకు మూలము సమృద్ధిగా నుండెను. ఈ వ్యాఖ్యాతకు లభించిన మూలమో, మూడే పంక్తులు. అదియు మా మేనల్లుడు జర్మనీదేశమునుండి తన తల్లికి వాట్సాప్‌లో పంపినది. కావున మూలమున లేనివే పెక్కు వ్రాయవలసివచ్చినందుకు పెద్దలు మన్నింతురుగాక.

గ్రంథకర్త బుచ్చిరెడ్డిపాలెమున పుట్టి, కనిగిరి రిజర్వాయరు కాలువక్రింద వరి పండించువాని కొడుకై, రసాయనశాస్త్రము చదువుచున్నవాడు. మనదేశపు విజ్ఞాన, ఇంజనీరింగు విద్యార్థులు వేసవిలో రెండు మూడు నెలలు జర్మనీ ప్రయోగశాలలలో పనిచేయుటకై ఆ దేశపు డాడ్ సంస్థవారిచ్చు ‘వైజ్’ అను వేతనము దొరకి, గోట్టింగెన్ విశ్వవిద్యాలయమునకు చేరినాడు. మా యూరివారు చదువుకై దూరము పోవుట క్రొత్తగాదు. 1907లో ఇచ్చటనే జన్మించిన బెజవాడ గోపాలరెడ్డిగారు శాంతినికేతనమునకు పోయి చదివి, వచ్చి, ఆంధ్రరాష్ట్రమునకు ముఖ్యమంత్రియు నైరి, రవీంద్రుని తెనుగునకు తెచ్చిరి. మావాడు తన క్షేమసమాచారమునైన ఇంకను పూర్తిగా తెనుగునకు తేలేదు.

మూలము

“అమ్మా, బాగుండా. ఈడ రాత్రి పదైనా వెలుతురే. ఆదివారం అంగళ్లన్నీ మూత.
మొదటి కాలమ్ పోయింది. రెండోది వచ్చింది. యీల్డు పదకొండు శాతం.
ఖాళీ సీసాలిచ్చి బియ్యం తెచ్చుకున్నా. ఫ్యాను లేదు. ఉంటా.”

టీక

అమ్మా = ఓ తల్లీ; బాగుండా = క్షేమముగా నున్నాను; ఈడ = ఈ గోట్టింగెన్ నగరమందు; రాత్రి పదైనా = రాత్రియని గడియారము మాత్రమే చెప్పు పదిగంటలకు సైతము; వెలుతురే = దీపముతో పనిలేని కాంతియే; అంగళ్లన్నీ = బియ్యపుటంగడి మొదలుకొని సమస్తమును; మూత = మూయబడియుండును; కాలమ్, యీల్డు = ఈ రెండింటిని గూర్చి విస్తరించి చెప్పవలసియున్నది; ఉంటా = సెలవు. దీనిని గూర్చి మతభేదము కలదు.

విశేషములు

‘బాగుండా’ అనుచోట తుది వర్ణము లోపించుట నెల్లూరుసీమ సంప్రదాయమే కనుక దోషము గాదు. అయితే అడుగకముందే చెప్పిన క్షేమమును శంకింపవలెనని మా అక్క మతము.

‘వెలుతురే’: బుచ్చిరెడ్డిపాలెము భూమధ్యరేఖకు ఉత్తరముగా 14½ డిగ్రీలలో నుండగా గోట్టింగెన్ 51½ డిగ్రీలలో నున్నది. భూమి తన యిరుసుపై వ్రాలి తిరుగుటచే జూన్ మాసమున మనకు పగలు 13 గంటలైనచో వారికి 16½ గంటలు దాటును. ఈ హేతువు నంతయు విని, దీపము పెట్టువేళ లేని యూర బిడ్డకు అన్నపువేళ యెట్లు తెలియునని మా అక్క ప్రశ్నించినది. దీనికి ఖగోళశాస్త్రమున సమాధానము లేదు.

‘మూత’: ఆదివారము విశ్రాంతిదినముగా రక్షింపబడవలెనని 1919 నాటి జర్మను రాజ్యాంగమున వ్రాసిన వాక్యమే నేటి రాజ్యాంగమునందును చేర్చబడి చెల్లుచున్నది. ఆ వాక్యమును ఎరుగని మావాడు మొదటి ఆదివారము ఉపవాసముండెనని మూలమున లేదు. ఉండెనని వ్యాఖ్యాత యూహ.

ఇక ‘కాలమ్’. ఇది ఈ గ్రంథమునకు ప్రాణపదము. నిలువైన గాజుగొట్టమున సిలికాపొడి కూరి, పైన తాను వండిన మిశ్రమమును పోసి, ద్రావకమును కొంచెముకొంచెముగా దింపినచో, పొడిని గట్టిగా పట్టుకొను పదార్థము వెనుకబడును, పట్టుకొననిది ముందుగా జారును. క్రింద వరుసగా పెట్టిన చిన్న గాజునాళికలలో ఒక్కొక్కటి వేరువేరుగా చేరును. ఈ విద్యను ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఆకుల రంగులను విడదీయుటకై కనిపెట్టిన రుష్యాదేశపు వృక్షశాస్త్రజ్ఞుని పేరు త్స్వెత్. ఆ భాషలో ఆ పేరునకు అర్థము రంగు. దానికాయన పెట్టిన క్రోమటోగ్రఫీ యను గ్రీకుపేరును తెనుగు చేసినచో వర్ణలేఖనమగును. వర్ణమనగా రంగనియు, అక్షరమనియు ఉభయార్థములు గల మన భాషయందు ఆ మాట అప్రయత్నముగా శ్లేషయైనది. వేసవికి పోయిన విద్యార్థి ప్రపంచమును తలక్రిందులు చేయు శోధన చేయుచుండునని ఊరివారి భావము. వాడు దినమునకు పదిగంటలు గొట్టము ముందు నిలుచుండి బొట్టులు లెక్కించుచుండునన్నది యథార్థము. అట్లు నిలుచున్నను, పదార్థము సున్నితమైనచో సిలికాపైననే చెడి, క్రిందికి ఏమియు రాకపోవచ్చును. దానినే ‘పోయింది’ అన్నాడు.

వాని అవ్వ ఈ పదమును ‘కాలము’ అని విన్నది. మొదటి కాలము పోయినది, రెండవది వచ్చినది. “పోయిన కాలం ఎట్నూ రాదులే నాయనా” అని ఆమె వేదాంతార్థము చెప్పినది. ఈ పాఠాంతరము మూలముకన్న రమణీయమై యున్నను శాస్త్రసమ్మతము గాదు.

‘యీల్డు’ అనగా దిగుబడి. రావలసినది నూరైనచో చేతికి వచ్చినది పదకొండు. దీనికి వ్యాఖ్యాత పరిభాషలు వెదకుచుండగా, మడినుండి వచ్చి కాళ్లు కడుగుకొనుచున్న మా బావ విని, “ఎకరానికి ఎన్ని పుట్లు?” అని అడిగినాడు. మా నెల్లూరు పుట్టి 850 కిలోలు. వానికి వచ్చినది చిటికెడు తెల్లపొడి. విషయమంతయు వివరింపగా ఆయన కొంతసేపు ఊరకుండి, “కొత్త మడిలో తొలికారు అంతేలే. గింజ కనపడింది గదా” అన్నాడు. అచ్చటి ఆచార్యుడేమనెనో తెలియదుగాని, ఇంతకు మించిన వ్యాఖ్య ఈ పంక్తికి ఉండబోదు.

ఆయన తన మడికి చల్లు యూరియాను మొట్టమొదట 1828లో బెర్లినునందు సజీవదేహ సంబంధము లేకుండ గాజుపాత్రలో చేసిన వోలర్ అను రసాయనవేత్త, పిమ్మట 1836 మొదలు 1882లో మరణించువరకు ఈ గోట్టింగెనుననే ఆచార్యుడు. ఆ 1882లోనే అచ్చటికి సంస్కృతాచార్యుడై వచ్చిన కీల్హార్న్, పూనాలో పండితులయొద్ద వ్యాకరణము నేర్చి, పతంజలి మహాభాష్యమును పరిష్కరించి ముద్రించినవాడు. యూరియాయు, మహాభాష్యమును ఒక్క యూర చేరినవనుటకు వ్యాఖ్యాతకు కలిగిన సంతోషమును మావానికి తెలుపగా, వాడు “అవునా మామా” అని మాత్రము వ్రాసినాడు.

‘ఖాళీ సీసాలు’: దారిద్ర్యసూచకమని మా అక్క కంట నీరు పెట్టుకొన్నది. గాదు. నీటిసీసా కొన్నప్పుడు 25 సెంట్లు ధరావతుగా తీసికొని, ఖాళీసీసాను అంగడిలోని యంత్రమున వేసినప్పుడు చీటీయిచ్చుట 2003 నుండి ఆ దేశపు ఏర్పాటు. ఆ చీటీతో బియ్యము కొనుట మావాని స్వకపోలకల్పితము.

‘ఫ్యాను లేదు’: చలికై కట్టిన యిండ్లగుటచే లేదు. రోహిణికార్తె నుండి పారిపోయినవాడు ఫ్యానుకై పలవరించుట వింతయే.

తాత్పర్యము

తల్లీ, పని మెల్లగా సాగుచున్నది, అన్నము వండుకొనుచున్నాను.

‘ఉంటా’ మిగిలినది. సెలవు తీసికొనుచు ‘ఉంటాను’ అనుట మనలో ఫోను వచ్చినప్పటినుండి గట్టిపడిన ఆచారము. కనుక ఇది పోవుటను చెప్పు ఉండుట యని వ్యాఖ్యాత మతము. ఆ దేశముననే ఉండిపోయెదనని సూచించుచున్నాడని అక్క మతము. వాడు పై చదువునకు అచ్చటి ఆచార్యుని అప్పుడే అడిగినాడని నాకు తెలియును గనుక, ఖండనము గట్టిగా చేయలేకపోయితిని. అక్క ఆ సాయంకాలమే “ఉంటా అనబాక. వస్తా అను” అని జాబు పెట్టినది. మూడున్నర గంటలు వెనుకబడిన ఆ దేశమున వాడు అప్పుడు గొట్టము ముందు నున్నాడు కాబోలు, చాలసేపటికి ఒక బొటనవ్రేలి బొమ్మ మాత్రము వచ్చినది.

“దీనికి అర్థమేందిరా?” అని అక్క ఫోను నా చేతికిచ్చినది.