ఫ్రిజ్జు తలుపు శాసనం: టీకా తాత్పర్య సహితం

మూలం: "పొద్దున లేవగానే కళ్ళు చూడాలి. ఒంటేలు గొట్టంలో పట్టి చుక్కలు వేయాలి. టిఫిన్ తిన్నాకే మాత్ర. బుడ్డోడికి ఎవరూ ఏమీ పెట్టొద్దు. తాతయ్య కూడా. జలుబు చేసినవాళ్ళు మేడ మీదికి. పుస్తకంలో రాశారా?"

అవతారిక: శాస్త్రగ్రంథం దేనికైనా విషయం, ప్రయోజనం, అధికారి, సంబంధం అనే నాలుగింటిని మొదటే చెప్పాలని పూర్వులు విధించారు, వీటికి అనుబంధ చతుష్టయమని పేరు. గోదావరి డెల్టాలోని ఒకానొక పట్టణంలో, పదముగ్గురు కలిసి ఉండే ఉమ్మడి ఇంట, వంటగది గుమ్మం పక్కనున్న ఫ్రిజ్జు తలుపుకు మామిడిపండు ఆకారపు అయస్కాంతంతో అతికి ఉన్న పై గద్యానికి ఆ నాలుగూ సమృద్ధిగా ఉన్నాయి. విషయం రెండున్నరేళ్ళ బాలుడి మూత్రపిండాలు. ప్రయోజనం ఆ బాలుడు ఒళ్ళు ఉబ్బకుండా ఆడుకోవడం. అధికారి, అంటే గ్రంథం చదివి ఆచరించడానికి అర్హుడు, ఆ ఇంట్లో చేయి ఖాళీగా ఉన్న ప్రతి ఒక్కరూ. సంబంధం సంగతి అడగనక్కర లేదు, అందరిదీ ఒకటే ఇంటిపేరు. గ్రంథకర్త్రి ఆ ఇంటి నడిపి కోడలు, బాలుడి తల్లి. మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు రాసిన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టాడు. అక్కడ ఆ పేరు అలంకారం, ఈ గద్యానికి పెడితే ఇంచుమించు వాచ్యార్థమే అవుతుంది.

టీక: "పొద్దున లేవగానే" = పిల్లవాణ్ణి మంచం దించకముందే; "కళ్ళు" = కనురెప్పలు; "చూడాలి" = ఉబ్బాయో లేదో పరీక్షించాలి. బాలుడికి ఉన్నది నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే వ్యాధి. ఇది ఎక్కువగా రెండు నుంచి ఆరేళ్ళ మధ్య పిల్లల్లో మొదలవుతుంది. ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల సూక్ష్మమైన వడపోత గుచ్ఛాలు ఉండి, వ్యర్థాన్ని నీటితో బయటికి పంపుతూ ఆల్బుమిన్ అనే మాంసకృత్తిని మాత్రం రక్తంలోనే నిలుపుకోవాలి. ఈ వ్యాధిలో, కన్నాలు పెద్దవైన ఫిల్టరు నుంచి డికాషనుతోపాటు పొడి కూడా దిగినట్లు, ఆల్బుమిన్ మూత్రంలోకి దిగిపోతుంది. ఇంట్లోవారు దీన్ని "ప్రొటీన్ పోతోంది" అని రెండు మాటల్లో చెబుతారు. రక్తంలో నీటిని పట్టి ఉంచేది ఆ ఆల్బుమినే కనుక, అది తరిగితే నీరు నాళాలు దాటి ఒంట్లోకి ఊరుతుంది. రాత్రంతా పడుకున్న పిల్లవాడిలో వదులుగా ఉండే కనురెప్పల దగ్గర చేరి, సాయంత్రానికి పాదాలకు దిగుతుంది. మొదటిసారి ఇలా ఉబ్బినప్పుడు ఇరుగుపొరుగు "ఒళ్ళు చేశాడు" అని సంతోషించారు. తరువాత ఏదో పురుగు ముట్టిందన్నారు. ఈ వ్యాధి ఉన్న చాలామంది పిల్లల్లో మామూలు సూక్ష్మదర్శినితో చూస్తే మూత్రపిండంలో లోపమేమీ కనబడదు, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద గాని మార్పు బయటపడదు. నిర్దోషంగా కనిపించే పాఠంలో దోషం ఉండడం వ్యాఖ్యాతలకు కొత్త కాదు గాని, వైద్యులకు మాత్రం అది చాలాకాలం చిక్కు సమస్యగా ఉండింది.

విశేషం: ఈ వాక్యంలో చూసేవారెవరో, చూడవలసినవి ఎవరి కళ్ళో గ్రంథకర్త్రి చెప్పలేదు. ఈ లోపాన్ని బాలుడు తనకు అనుకూలంగా వాడుకున్నాడు. తన రెప్పల పరీక్ష పూర్తికాగానే అతడు మంచం దిగి, నాయనమ్మ ఒళ్ళో ఎక్కి, బొటనవేలితో ఆమె కింది రెప్పను కిందికి లాగి, మూతి బిగించి కాసేపు చూసి, "బావుంది" అని తీర్పు చెబుతాడు. తరువాత పెద్దమ్మ, ఆ తరువాత వరుసగా నలుగురు అన్నలు, అక్కలు, చివరికి పాల ప్యాకెట్లు వేసే కుర్రవాడు కూడా గుమ్మంలో వంగి కళ్ళు చూపించుకుని గాని సైకిలెక్కడు. ఆ కుర్రవాడికి ఒకనాడు "బాలేదు" అని తీర్పు వస్తే అతడు నిజంగానే కంగారుపడ్డాడని వినికిడి.

టీక: "గొట్టం" = పరీక్షనాళిక; "చుక్కలు" = సల్ఫోశాలిసిలిక్ ఆమ్లం చుక్కలు. ఇవి పడగానే మూత్రంలో మాంసకృత్తి ఉంటే తెల్లగా విరుగుతుంది. ఈ పరీక్షకు పూర్వరూపం వేడి. మూత్రాన్ని కాస్తే అందులోని మాంసకృత్తి గడ్డకడుతుందని నేపుల్స్ వైద్యుడు డొమెనికో కొటుగ్నో 1764లోనే రాశాడు. ఒళ్ళు ఉబ్బే రోగానికీ మూత్రపిండాలకూ గల ముడిని 1827లో వివరించిన లండన్ వైద్యుడు రిచర్డ్ బ్రైట్ చెంచాలో మూత్రం పోసి కొవ్వొత్తి మంట మీద కాచి చూసేవాడు. చుక్కలు వేసిన గొట్టాన్ని అచ్చుకాగితం ముందు పట్టి చూడడం నేటి పద్ధతి: గొట్టం వెనక అక్షరాలు చదవగలిగేంత మబ్బుంటే ఒక ప్లస్సు, అక్షరాలు అందక నల్లటి గీతలు మాత్రం కనిపిస్తే రెండు, గీతలూ కనబడకపోతే మూడు, పెరుగు తరకల్లాగా విరిగితే నాలుగు. ఒక గ్రంథాన్ని మూత్రం గుండా చదివే సంప్రదాయం మరే వ్యాఖ్యాన పరంపరలోనూ లేదు. ఆ ఇంట్లో ఇందుకు దినపత్రికే వాడతారు. పెదనాన్న గొట్టం పట్టుకుంటాడు, పిల్లలు చదువుతారు, పాఠభేదాలు వస్తాయి. తాతయ్యకు రెండు కళ్ళలోనూ శుక్లాలున్నందున ఆయనకు ప్రతిరోజూ రెండు ప్లస్సులే కనిపిస్తాయి, కాబట్టి ఆయన పాఠాన్ని పరిష్కర్తలు గౌరవంగా పక్కన పెడతారు.

గొట్టం తేటగా ఉన్ననాడు పుస్తకంలో "నిల్" అని రాస్తారు. లేకపోవడం కూడా ఒక పదార్థమేనని, అభావమనే ఏడో పదార్థాన్ని వైశేషికులు అంగీకరించారు; దానిని కాదన్నవారు ఆ ఇంట్లో ఒక ఉదయం గడిపితే చాలు, ఏమీ లేదన్న మాటకు ఐదుగురు పిల్లలు వంటగదిలో గెంతులు వేయడం, వారిలో రోగి అయినవాడు అందరికంటే గట్టిగా "నిల్లూ" అని అరవడం కళ్ళారా చూడవచ్చు. అయితే ఈ అభావం ఏ జాతిదన్నది వివాదాస్పదం. వరుసగా మూడు రోజులు నిల్ లేదా జాడమాత్రం ఉంటే వ్యాధి అణగినట్లు, వరుసగా మూడు రోజులు మూడు ప్లస్సులో అంతకు మించో వస్తే రిలాప్స్, అంటే తిరగబెట్టినట్లు లెక్క. ఎన్నటికీ లేదనదగిన అత్యంతాభావమని ఏ వైద్యుడూ మాట ఇవ్వడు. చాలామందికి యుక్తవయసు వచ్చేనాటికి తిరగబెట్టడం ఆగిపోతుందని మాత్రం చెబుతారు. అంతదాకా ఉన్నది రోజువారీ అభావం. గెంతులు కూడా అందుకే రోజువారీ.

టీక: "మాత్ర" = ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. మొదటిసారి వ్యాధి వచ్చినప్పుడు ఆరు వారాలు రోజూ, ఆపైన ఆరు వారాలు రోజు మార్చి రోజు వేస్తారు. పరగడుపున వేస్తే కడుపులో మంట గనుక "తిన్నాకే" అన్న నియమం. డాక్టరు చెప్పకుండా ఉన్నట్టుండి ఆపడం ప్రమాదం గనుక మానే స్వాతంత్ర్యం ఎవరికీ లేదు. రోజు మార్చి రోజు అన్న విధి ఉమ్మడి ఇంట్లో అమలు చేయడం ఏకాదశి వ్రతం కంటే కష్టమని గుర్తించి, గోడ క్యాలెండరులో వర్జ్యం అచ్చువేసిన గడుల పక్కనే పిన్ని ఎర్ర చుక్కలు పెట్టింది. ఈ మందు వల్ల ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. కావ్యాల్లో చంద్రబింబం వంటి ముఖమంటే ఉపమ. వైద్యంలో అదే మాట మందు దుష్ఫలితానికి పేరు. నాయనమ్మ ఈ రెండు శాస్త్రాలనూ సమన్వయించి, దిష్టి తీస్తుంది.

మందు రెండో ఫలం ఆకలి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి "ఇడ్లీ" అని కూర్చునే పిల్లవాడి కోసం, పెళ్ళయి ఏడాది కాని చిన్న కోడలు అత్తగారి పోరు లేకుండానే పెందలాడే లేవడం నేర్చుకుంది; ఆ వేళప్పుడు పొయ్యి దగ్గర వాళ్ళిద్దరికీ జరిగే సంభాషణల్లో చాలా భాగం చట్నీ గురించేనని తెలుస్తోంది. ఆసుపత్రిలో నాలుగు మెతుకులు ముట్టని పిల్లవాడు ఇంటికి వచ్చి ఆరో ఇడ్లీ అడగడం చూసినవారికి, అది మందు ఆకలి అని తెలిసినా, ఆనందించకుండా ఉండడం సాధ్యం కాదు. మందు మోతాదు ఎక్కువగా ఉన్న రోజుల్లో చిరాకు, ఏడుపు, విసిరిన స్టీలు గ్లాసులు కూడా ఉంటాయి. గ్లాసులకు సొట్టలు పడ్డాయి.

టీక: "బుడ్డోడికి ఎవరూ ఏమీ పెట్టొద్దు." ఈ వాక్యాన్ని యథాతథంగా ఆచరిస్తే పిల్లవాడు పస్తుంటాడు. ముఖ్యార్థం పొసగని చోట దానికి దగ్గరైన మరో అర్థాన్ని గ్రహించడాన్ని లక్షణ అంటారు. ఆ న్యాయాన "ఏమీ" అంటే ఉప్పు కలిసినదేదీ అని చెప్పుకోవాలి. ఒళ్ళు ఉబ్బిన రోజుల్లోనూ, మందు రోజూ వేసే రోజుల్లోనూ ఉప్పు నీటిని పట్టేస్తుంది, రక్తపోటును పెంచుతుంది; అందువల్ల ఊరగాయ, అప్పడం, వడియం, కారప్పూస, కొట్లో అమ్మే బిస్కెట్లు, చిప్సు అన్నీ నిషిద్ధం. చప్పిడి ఎల్లకాలం కాదు, ప్రొటీన్ పోవడం ఆగి మందు తగ్గాక సడలుతుంది. కాని గ్రంథరచన జరిగింది వేసవిలో, ఆవపిండి, కారం, ఉప్పు దాదాపు సమపాళ్ళలో పడే ఆవకాయ జాడీ కట్టే రోజుల్లో. నాయనమ్మ పప్పులో ఉప్పు వేయకముందే చిన్న గిన్నెడు తీసి పక్కన పెట్టి, దానికి నిమ్మరసం, జీలకర్ర పొడి, నేతిలో వేయించిన కరివేపాకు జతచేసే విద్యను కొద్దిరోజుల్లోనే సాధించింది. "ఉప్పు తక్కువైంది" అనే వాక్యాన్ని బాలుడి ఎదుట ఉచ్చరించరాదని ఇంకొక నిషేధం రాయకుండానే అమల్లోకి వచ్చింది. దాని ఫలితంగా ఇంటిల్లిపాదీ కూరల్లో ఉప్పు ఎవరికీ తెలియకుండా తగ్గింది. పిల్లల్లో పెద్దది, ఎనిమిదో తరగతి పిల్ల, తమ్ముడి కోసం తానూ చప్పిడి తింటానని ప్రతిజ్ఞ చేసి రెండు పూటలు నిలబెట్టుకుంది.

"తాతయ్య కూడా": ఇక్కడ పూర్వపక్షం, అంటే ఖండించడానికి ముందుగా చూపే ఆక్షేపం, ఇలా ఉంటుంది: "ఎవరూ" అన్నప్పుడే తాతయ్య అందులో చేరిపోయాడు, మళ్ళీ విడిగా చెప్పడం పునరుక్తి దోషం. సిద్ధాంతం: దోషం కాదు, గోబలీవర్ద న్యాయం. గోవులను తోలుకురమ్మని చెప్పి ఎద్దును కూడా తోలుకురమ్మని విడిగా చెప్పడం, గోవుల్లో ఎద్దు చేరనందుకు కాదు, అది మాట వినదు గనుక. ఈ తాతయ్యకు స్వయంగా బీపీ ఉండి, ఆవకాయ ఆయనకూ నిషిద్ధమే. ఇద్దరు పథ్యపు మనుషులు మధ్యాహ్నం పూట అరుగు మీద కూర్చుని, ఒకరి వేలు ఇంకొకరు నాకిన సంగతి, రెండున్నరేళ్ళవాడి గడ్డం మీద ఎర్ర నూనె చారవల్ల రుజువైంది. తాతయ్య నేరం ఒప్పుకోలేదు. బాలుడు "తాత కాదు" అని అడగకుండానే సాక్ష్యం చెప్పాడు. గ్రంథంలో ఈ రెండు మాటలు మిగతా వాక్యాల కంటే పెద్ద అక్షరాల్లో, వేరే సిరాతో ఉండడం చూస్తే అవి ఆ సాయంత్రం చేర్చినవని ఊహించవచ్చు. అయినా కర్త్రి దస్తూరీయే గనుక ప్రక్షిప్తాలు కావు. దీని కింద నీలం స్కెచ్ పెన్నుతో "అన్నయ్య కూడా, బాబాయి కూడా" అని ఉన్నది మాత్రం నిస్సందేహంగా ప్రక్షిప్తం.

టీక: "జలుబు చేసినవాళ్ళు మేడ మీదికి." ఈ వ్యాధి తిరగబెట్టడానికి తరచు జలుబు వంటి చిన్న అంటువ్యాధే కారణమవుతుంది, పైగా మందు ఒంటి రక్షణశక్తిని అణచి ఉంచుతుంది, మూత్రంలో పోయే మాంసకృత్తుల్లో రోగాలతో పోరాడేవీ ఉంటాయి. జ్వరం, కడుపునొప్పి వస్తే ఈ గ్రంథం చదువుతూ కూర్చోకూడదు, ఆసుపత్రికి వెళ్ళాలి. ఆటలమ్మ సోకినవారి దగ్గరికి వెళ్ళినట్లు తెలిసినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. మందు ఎక్కువ మోతాదులో ఉన్నంతకాలం బాలుడికి ఆటలమ్మ వంటి సజీవ టీకాలు వేయరు గనుక, ఆ సూది మిగిలిన నలుగురు పిల్లలకు వేయించారు. "బుడ్డోడి సూది మేం పొడిపించుకున్నాం" అని వారు బడిలో చొక్కా చేతులు ఎత్తి చూపించుకున్నారు. మేడగది విషయంలో కర్త్రి ఒక సంగతి ముందుగా తలచుకోలేదు: అక్కడ టీవీ ఉంది, కాఫీ పైకే వస్తుంది, హోంవర్కు అడిగేవారు లేరు. దొంగ తుమ్ములు పెరిగిపోవడంతో, బహిష్కరణకు ముందు నాయనమ్మ నుదురు తాకి, ముక్కు చూసి ధ్రువపరచాలన్న సవరణ అవసరమైంది. ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునే బాబాయి తుమ్ములను ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

పదముగ్గురికి పంచడం వల్ల ఈ ఇంట్లో భయం ఎవరి దగ్గరా భయంగా మిగలలేదు, గొట్టం పట్టుకోవడంగా, చుక్క పెట్టడంగా, ఇడ్లీ వేయడంగా విడిపోయింది. పనిలో పడిన చోట నవ్వు దానంతటదే వచ్చింది. అయితే గ్రంథం మొత్తం పగటి గురించే. రాత్రి ఎన్నిసార్లు లైటు వేసి రెప్పలు చూస్తుందో కర్త్రి ఎక్కడా రాయలేదు, ఆ పనిని ఎవరికీ పంచలేదు.

టీక: "పుస్తకంలో రాశారా?" ఇది ప్రశ్నార్థకమైనా విధి వాక్యమే. కారణం సూక్ష్మం: చేతులు ఎక్కువైన ఇంట్లో మాత్ర మరవడమే కాదు, రెండుసార్లు వేయడమూ జరగవచ్చు, కాబట్టి వేసినవారు వెంటనే పొడి అక్షరాలు రాయాలి. తేదీ, బరువు, ప్లస్సులు, మాత్ర అని నాలుగు గడులు గీసినా, అంచుల్లో పాలలెక్క, చాకలి పద్దు, బాలుడు కొత్తగా పలికిన మాటలు, గోడ మీద గీసిన ఏనుగు వర్ణన చేరాయి. కిడ్నీ డాక్టరు గడులు చదవడానికి తీసుకునే సమయం కంటే అంచులు చదవడానికి ఎక్కువ తీసుకుంటాడని ప్రతీతి. మొదటి పుస్తకం నిండగా, రెండోదానికి పిల్లలు బడి పుస్తకాలతోపాటే గోధుమరంగు అట్ట వేసి, చీటీ అంటించి, పేరు దగ్గర బాలుడి పూర్తి పేరు, తరగతి దగ్గర "ఇంకా లేదు", సబ్జెక్టు దగ్గర "ఒంటేలు" అని గుండ్రటి అక్షరాలతో నింపారు.