తేపుల సావుకారు

తుంగభద్రాతీరమున వెలసిన సిరుగుప్పలో బియ్యపు మిల్లులకును, ధాన్యపు దళారులకును, మిరపకాయ బజ్జీల అంగళ్ళకును ఎట్లు కొదవ లేదో, ఏ మందుకును లొంగని పుల్లతేపుల పెద్దమనుషులకును అట్లే కొదవ లేదు. వారిలో ఏ ఒక్కరినో వేలెత్తి చూపుట నా ఉద్దేశము కాదు. సంతలో, బస్సుస్టాండులో, మిల్లు వాకిట, పెండ్లి పందిట తారసిల్లిన పలువురిని కలిపి ఒక్క మూర్తిగా నిలిపి, ఆ మూర్తికి ఊరివారు చాటున పెట్టుకొన్న పేరునే నేనును ఉంచుచున్నాను. ఆయన తేపుల సావుకారు.

వయస్సు ఏబది దాటినది. మడత చెడని తెల్లచొక్కా, భుజమున తువాలు, పైజేబులో సగము చించిన మాత్రల అట్ట, కారులో గులాబిరంగు మందుసీసా: ఇవి ఆయన బిరుదచిహ్నములు. దారిని పోవువాడెవడైన మర్యాదకు "ఎట్లుండారు సావుకారీ?" అని పలుకరించుట కలదు. లోకమున ఆ ప్రశ్నకు "బాగుండానప్పా" యన్నదే సమాధానము. అడిగినవాడును అంతకుమించి ఆశింపడు. సావుకారుగారు మాత్రము నిలువబడి సాక్ష్యమిచ్చుటకు సిద్ధపడుదురు. ముందుగా కుడిచేయి రొమ్ముపై ఆనును, కనురెప్పలు వాలును, మెడ కొంచెము సాగును, పిమ్మట మొదట చిన్నది, వెంటనే దానికి జంట, క్షణకాలము నిశ్శబ్దము, ఆపై మిల్లు ప్రహరీ దాటి వినవచ్చునట్టి పెద్దది, ఇట్లు మూడు విడతలుగా తేపు వెలువడును. "శివ శివా" యని కన్నులు తెరచి, "చూస్తివా? రాత్రి తిన్న పప్పు ఇంకా ఈడనే ఉండాది" అని కంఠమునకు రెండంగుళముల దిగువను వ్రేలితో స్థలనిర్దేశము చేయుదురు. పలుకరించినవాడు బస్సు తప్పిపోవుచున్నదని విన్నవించుకొన్నను లాభము లేదు. పప్పు చరిత్రకు పూర్వము పులుసు చరిత్ర కలదు.

ఆహారము మాట వచ్చినది గనుక ఈ సీమ చరిత్రను కొంత స్మరింపక తప్పదు. 1953 అక్టోబరు 1వ తేదీన బళ్ళారి జిల్లా మద్రాసు రాష్ట్రమునుండి విడివడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకును, సిరుగుప్పతో కూడిన భాగము మైసూరుకును చెందెను. పాలకులు గీచిన ఆ గీతను బడులు గౌరవించినవి, కచేరీలు గౌరవించినవి; మిరపకాయ మాత్రము రవంతయు లెక్కచేయలేదు. ఆవల ఉగ్గాని యని పిలుచునదే ఈవల ఒగ్గరణె యగును. బొరుగులను నీట ముంచి, ముద్దగాక మునుపే పిండి తీసి, ఉల్లియు పచ్చిమిరపయు పసుపును వేగిన పోపులో కలియబెట్టి, పుట్నాలపొడి చల్లి దింపుదురు; ప్రక్కన శనగపిండి కప్పుకొన్న జానెడు మిరపకాయ బజ్జీ లేనిచో అది అసంపూర్ణమని ఉభయరాష్ట్రముల అభిప్రాయము. సావుకారుగారు ప్రతిదినము ప్రాతఃకాలమున దీనినే స్వీకరింతురు, కాని పథ్యముతో స్వీకరింతురు. ఆ పథ్యమెట్టిదనగా, బజ్జీని నిలువున చీల్చి, లోని గింజలను చిటికెనవ్రేలితో గీకి విస్తరి అంచున కుప్పవోసి, "గింజే మనకు శత్రువు" అని నిర్దోషియగు పైభాగమును భుజింతురు. రెండవ బజ్జీ ముగియునప్పటికి ఆ కుప్పను చూచి అన్నమును పారవేయుట పాపమను సద్భావము కలిగి, గింజలను ఒగ్గరణెలో కలుపుకొందురు. దీనిపై టీ. టీ పిదప మాత్ర.

ఈ వరుసయే వైద్యులకు కన్నీరు తెప్పించునది. 1988లో ఒమెప్రజోలు ఐరోపా అంగళ్ళకు వచ్చినది మొదలు పాంటాప్రజోలు, రాబెప్రజోలు మున్నగు దాని దాయాదులు వరుసగా వచ్చి నేడు పాన్‌డబ్బాలోను పేరు తెలిసిన మందులైనవి. ఇవి పుట్టిన ఆమ్లమును చల్లార్చునవి కావు. జఠరపు గోడలయందు ఆమ్లమును తోడిపోయు సూక్ష్మయంత్రములను బంధించునవి. ఆ యంత్రములు ఆహారము దిగునపుడే మేల్కొని పనికి పూనుకొనును; మేల్కొన్నవానినే మాత్ర పట్టుకొనగలదు. కావున అన్నము దిగువేళకు అది రక్తమున చేరియుండునట్లు అరగంట ముందుగానే మ్రింగవలెను. ఈ సంగతి చీటీపై వ్రాసి, నోట చెప్పి, క్రింద గీత గీచి ఇచ్చినను, "పరగడుపున మందేసుకుంటే ప్రేగులు కాలుతాయి" అను స్వీయసిద్ధాంతముచే సావుకారుగారు దానిని బజ్జీలపై అక్షతలుగా వేయుచున్నారు. ఇక అంతకంటె మూలమగు విషయము మరియొకటి కలదు. అన్నవాహిక వచ్చి జఠరమును కలియుచోట ఒక కండరవలయము కలదు. కాలువకట్టపై తూము పలకవలె అది కావలసినపుడు తెరచుకొని, తక్కినవేళ బిగిసియుండవలెను. ఆ పలక సడలెనా, లోపలి ద్రవము మీదికెక్కును. మాత్ర ద్రవమునందలి పులుపును తగ్గింపగలదు గాని పలకను బిగింపలేదు. కాబట్టి వేళకు మ్రింగిన బుద్ధిమంతులలోను కొందరికి పులుపు చచ్చిన నీరు గొంతువరకు వచ్చుచునే యుండును. బరువు తగ్గించుట, రాత్రిభోజనమునకును శయనమునకును మూడుగంటల యెడము ఉంచుట, తలవైపు మంచపుకోళ్ళక్రింద ఇటుకలు పెట్టుట, ఎడమప్రక్కకు ఒత్తిగిలుట, ఇవి చవుకయగుటచేతనే కాబోలు ఎవరికిని మందులుగా తోచవు.

సావుకారుగారికి అసలే తోచలేదు. ఇంగ్లీషు మందు పని చేయనపుడు ఆయన ఆయుర్వేదమును ఆశ్రయించిరి. మాధవనిదానమున అమ్లపిత్తమునకు ఊర్ధ్వగము, అధోగము అని రెండు భేదములు చెప్పబడియున్నవి. ఎవరో వైద్యుడు నాడి చూచి "మీది ఊర్ధ్వగము" అని సెలవిచ్చిన నాటనుండి ఆయన అధోగమువారిని ఒక మెట్టు తక్కువగా చూచుచున్నారు. ఇచ్చిన అవిపత్తికర చూర్ణము మాత్రము అల్మారాలో గడ్డకట్టెను. పిదప బొడ్డు జారినదని ఒక ముసలమ్మ నాభిపై దీపము పెట్టి చెంబు బోర్లించెను. పిదప చల్లనిపాలు, జీలకర్రనీరు, గోలీసోడా వచ్చినవి. ఈ సోడా తనలోని గాలిని తేపుగా తిరిగి ఇచ్చునదే యైనను, తేపు వచ్చుటయే సోడా గుణము చేసినదనుటకు నిదర్శనమని ఆయన వాదింతురు. ఈ వాదమునకు ఎదురు చెప్పగల తార్కికుడు ఇంకను పుట్టలేదు.

ఇచ్చట నవ్వు నిలిపి ఒక్కమాట. ఎదలో మంటయన్నదల్లా ఆమ్లము కాదు. గుండెపోటును గ్యాసనుకొని సోడా త్రాగి అరుగుమీద కూర్చుండిపోయినవారు మన ఊళ్ళలో ఉన్నారు. మ్రింగుట కష్టమైనను, కారణము లేక బరువు తగ్గినను, మలము నల్లబడినను సొంతవైద్యముతో కాలక్షేపము తగదు. సావుకారుగారికి ఇవేవియు లేవు. ఉండినచో ఊరికి ఎప్పుడో తెలిసియుండెడిది.

ఆయన మేనల్లుడొకడు బళ్ళారిలో వైద్యవిద్య నభ్యసించుచున్నాడు. సెలవులకు వచ్చినవాడు, మామ మనస్సు మార్చవలెనను సదుద్దేశముతో, అమెరికా మాజీసైనికుల ఆసుపత్రులలో జరిగి 2019లో ప్రకటితమైన ఒక పరిశోధనను వినిపించెను. మందునకు లొంగని ఎదమంట గలవారిని 366 మందిని చేర్చుకొనిరట. రెండు వారములపాటు ఒమెప్రజోలును వేళకు విధిగా వేయించునప్పటికే 42 మందికి ఉపశమనము కలిగెనట. పరీక్షలన్నియు చేయగా 99 మంది మంటకు ఆమ్లముతో సంబంధమే కనబడలేదట. ఇట్లు వడబోయగా వడబోయగా, శస్త్రచికిత్స మేలా మందులు మేలా యని తూచుటకు అర్హులై మిగిలినవారు 78 మంది మాత్రమేనట. వారిలో శస్త్రచికిత్స పొందినవారికి నూటికి 67 వంతున మేలు కలిగెనట. మేనల్లుని తాత్పర్యము మొదటి 42 మందిపై నుండెను. సావుకారుగారి చూపు కడపటి 78 మందిపై నిలిచెను.

"ఆ డెబ్బై ఎనిమిది మందిది అసలు గ్యాసు కదప్పా?"

"అసలుదే మామా."

"మనది అదే."

అది మొదలు ఆయన నడకలో కొంత ఠీవి హెచ్చెను. వడపోతకు నిలువని సామాన్యులతో, అనగా మాత్ర వేళకు వేసికొని బాగుపడు అల్పప్రాణులతో, తనకు సామ్యము లేదని సంతలో చెప్పుకొనసాగిరి. ఆ గౌరవమును ధ్రువపరచుకొనుటకే హైదరాబాదునకు ప్రయాణము కట్టిరి.

అచ్చట ముక్కుద్వారమున సన్నని గొట్టమును జొనిపి, నడుమునకు చిన్న పెట్టెను కట్టి, 24 గంటలు దానితోనే తిరుగుమనిరి. మంట పుట్టినప్పుడెల్ల మీట నొక్కవలెను. ఎప్పటివలెనే భుజింపుమని డాక్టరు చెప్పిన మాటను ఆయన ఆ యొక్కసారి అక్షరాల పాటించి, ముక్కున గొట్టముతో, ప్రక్కన సిగ్గుపడుచున్న మేనల్లునితో, మిరపకాయ బజ్జీలకై హైదరాబాదు వీధులు గాలించిరి. మీట బహుశా అంతటి కష్టమును ఎన్నడును ఎరిగియుండదు. మరునాడు డాక్టరు గీతల కాగితమును విప్పి శాంతముగా చెప్పెను. "పెద్దాయనా, మీ ఆమ్లం మామూలుగానే ఉంది. మీరు మీట నొక్కిన వేళలకూ ఆమ్లం పైకొచ్చిన వేళలకూ పొంతన లేదు. అలాగని మీ మంట అబద్ధం కాదు. ఆహారనాళంలో నరాలు మరీ సున్నితమై చిన్నదానికే మంటపుడుతోంది. ఇక ఆ తేపులు కడుపులోంచి వచ్చేవి కావు. మీకు తెలియకుండానే గాలిని గొంతుకింది దాకా లాగి, వెంటనే వదులుతున్నారు."

సావుకారుగారి ముఖము వివర్ణమయ్యెను. ఆయన 78 మందిలోనివారు కారు, 99 మందిలోనివారు. "అంటే నాది దొంగతేపు అంటాండావా సారూ?" అని మాత్రము అనగలిగిరి. నరముల సున్నితత్వమును తగ్గించుటకు స్వల్పమోతాదులో వ్రాసి యిచ్చిన మాత్ర మనోవ్యాధులకును వాడుదురని మందులషాపువాని నోట వినినప్పుడు ఆ అవమానము పరిపూర్ణమయ్యెను. ఆమ్లము లేదనువాడు రేపు అన్నవాహిక లేదనును, ఎల్లుండి మిల్లే లేదనును అని తిరుగు ప్రయాణమున రాయచూరు దాటువరకు గొణుగుచునే యుండిరి.

డాక్టరు గీతల కాగితమునుండి గ్రహించినదానిని ఇంటి ఇల్లాలు ఎన్నడో గ్రహించియుండెను. కోతలకాలమున కెంచనగుడ్డ వైపునుండి ఒక రైతు వడ్లు తెచ్చి మిల్లుకచేరిలో కూర్చుండెను. 75 కిలోల సంచికి ధర మాటాడవలెను. సావుకారుగారు పిడికెడు వడ్లు తీసి, అరచేత నలిపి, ఊది, ఒక గింజను పంటక్రింద కొరికి, "తేమ శానా ఉండాది రెడ్డీ" అని ఆరంభించిరి. రైతు లేదనెను. ఈయన తాలు చూపెను. ఆయన బరువు చూపెను. తువాళ్ళు విదల్చుకొని లేచుటలు, మరల కూర్చుండుటలు, పాత బాకీల స్మరణలు అన్నియు నడచినవి. గంటకు పైబడిన ఆ మహాసంగ్రామమున సావుకారుగారి కంఠమునుండి ఒక్క తేపును వెలువడలేదు. బేరము కుదిరి, రైతు చెప్పులలో కాలు పెట్టుచు "ఒంట్లో ఎట్లుండాది సావుకారీ?" అనిన తోడనే కుడిచేయి రొమ్ము చేరెను, కనులు వాలెను, మూడు విడతలును యథావిధిగా జరిగెను. తలుపుచాటునుండి ఇల్లాలు, "ధర మాట్లాడేటప్పుడు ఆ గ్యాసు యాడికి పోయిండె?" అనెను. దానికి ప్రత్యుత్తరమున్నట్లు నేను వినలేదు.

నాకు తోచినది చెప్పవలెనన్న, ఆ మంట రోగమే, నిస్సందేహముగా రోగమే; నడిరేయి లేచి కూర్చుండి రొమ్ము రాచుకొను మనుష్యుని చూచి నవ్వువాడు మనుష్యుడు కాడు. ఆ తేపు మాత్రము రోగము కాదు, పలుకుబడి. కొడుకులు బెంగళూరు చేరి, మిల్లు లెక్కలు కంప్యూటరునకు పోయి, ఊరి పంచాయతీలకు పిలుపులు తగ్గిన దశలో, నలుగురు తనయెదుట నిలిచి తన మాట వినుటకు ఆయనకు మిగిలిన సాధనమది. దానిని పరగడుపున ఒక మాత్రకు అప్పగింపుమనుట సామాన్యమైన కోరికయా?

అయినను ఇంట ఇల్లాలి మాటయు, ఫోనున మేనల్లుని పోరును ఊరకపోలేదు. పొట్టపై చేయి పెట్టుకొని, ముక్కుతో మెల్లగా గాలి పీల్చి పొట్టను ఉబ్బించు అభ్యాసమును మేనల్లుడు నేర్పెను. అట్లు పీల్చుచున్నంతసేపు గాలిని గొంతులోనికి లాగి తేపుట కుదురదట. మనోవ్యాధి మాత్రను "నరాల బలానికి" అని ఇంటివారు నామకరణము చేసి ఒప్పించిరి. రాత్రిభోజనము చీకటిపడకముందే ముగియజొచ్చెను. మంచమునకు తలవైపున ఇటుకలు చేరెను. తెల్లవారునప్పటికి తాను జారి కాళ్ళవైపు తేలుచున్నానని ఇల్లాలు ప్రత్యేకముగా చాప పరచుకొనెను. బజ్జీలు మానలేదు, మూడు ఒకటైనది, గింజలు మాత్రము నిజముగానే పారవేయబడినవి. క్రమముగా మంట సగమునకు తగ్గెను, తేపు బాగుగా పలుచబడెను.

తగ్గుటతో వచ్చిన చిక్కు ఏ వైద్యుడును ముందుగా చెప్పినది కాదు. జనము "ఎట్లుండారు?" అని అడిగి, "పరవాలేదప్పా" అను జవాబు విని, నిజముగానే వెడలిపోవుచున్నారు. కొంతకాలము సావుకారుగారు మిల్లు వాకిట దిక్కుతోచక కూర్చుండిరి. అటుపిమ్మట రోగిపదవి పోయినచో వైద్యపదవి యున్నదని స్ఫురించెను. ఇప్పుడు తేపిన వాడెవ్వడును ఆయన చేతినుండి తప్పించుకొనజాలడు. మాత్రకు వేళ చెప్పుదురు, తూము పలకను వర్ణింతురు, అమెరికా లెక్క అప్పగింతురు. అందు 42 మందిని ఇప్పుడు మిక్కిలి ఆదరముతో స్మరింతురు.

మొన్న కోతలలో, అర్ధరాత్రి దాటినను లారీకి బస్తాలెత్తుచున్న హమాలీ ఒకడు మధ్యలో ఆగి చిన్నగా తేపెను. సావుకారుగారు కుర్చీనుండి లేచి, వానికి జఠరము ఏ ప్రక్క వ్రేలాడునో చేతితో గీచి చూపి, "రాత్రిపూట ఎడమపక్కకే తిరిగి పండుకోవాలప్పా" అని ఉపదేశించిరి.

"పండుకుంటే కదా సావుకారీ, ఏ పక్కకనేది," అనెను వాడు, బస్తా సవరించుకొనుచు.

నిద్ర పట్టనివారికి గసగసాలు మంచివని సావుకారుగారు వెంటనే సెలవిచ్చిరి.