ఆకుపచ్చ పవిత్రత

స్మారకచిహ్నమునకు రంగు మార్చినవాడు మృతవీరులను మరల చంపినవాడని శపించు పెద్దలు ప్రతిదేశమునందును గలరు. వీరుల పిల్లలు పస్తులుండినను కంట తడిపెట్టని యీ పెద్దలకు, వీరుల పేర నిలిపిన యినుముపై కుంచె తగిలినంతనే గుండె బ్రద్దలగును. స్మారకమే చరిత్ర, దానిమీది రంగే సత్యము, ప్రశ్నించినవాడు అల్లరివాడు: ఇదియే వారి సిద్ధాంతము. మంచిది, ఈ కొలబద్దను చేతబట్టుకొని ప్రాగ్ నగరమునకు పోయివత్తము.

1945లో నాజీలనుండి ఆ నగరమును విడిపించిన సోవియట్ ట్యాంకుదళముల జ్ఞాపకార్థము, స్మీఖోవ్ ప్రాంతపు కూడలిలో ఎత్తైన రాతిపీఠముపై నొక ట్యాంకు నెక్కించిరి. నగరమున మొదట ప్రవేశించినదిగా ప్రసిద్ధికెక్కినది లెఫ్టినెంటు గొంచరెంకో నడిపించిన టి-34. దాని సంఖ్య 24. పీఠమెక్కినదో, ఐయెస్-2 అను భారీట్యాంకు; దానిపై వ్రాసిన సంఖ్య 23. పోరాడినది యొకటి, పూజలందుకొన్నది మరియొకటి! నలువదియైదేండ్లకు పైగా దాని పాదములకడ పుష్పగుచ్ఛములుంచిన చరిత్రభక్తులలో ఎవ్వరికిని ఈ తబ్బిబ్బువలన నిద్ర పట్టకపోయిన దాఖలా లేదు. 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు మరల వచ్చి, ఈసారి విడిపించుటకు గాక అణచుటకై అవే వీధులలో నిలిచినప్పుడు సైతము, పీఠముమీది ట్యాంకు విమోచనపాఠమునే వల్లించుచుండెను. దాని పవిత్రతకు వెంట్రుకవాసి లోపము రాలేదు.

లోపము 1991 ఏప్రిల్‌లో వచ్చినది. దావిద్ చెర్నీ యను కళావిద్యార్థి మిత్రులతో గూడి వచ్చి, ఆ యుక్కుకాయమునకు చంటిపిల్ల చొక్కాకు తగిన గులాబిరంగు పూసి, నడినెత్తిన పెద్ద మధ్యవ్రేలు నొకదానిని నిలిపెను. అంతకాలము గాఢనిద్రలో నుండిన చరిత్రకు అప్పుడు మెలకువ వచ్చినది. సోవియట్ ప్రభుత్వము కోపించెను, చెర్నీ నిర్బంధింపబడెను, ట్యాంకునకు మరల ఆకుపచ్చ పూయబడెను. అంతట పార్లమెంటు సభ్యులు 15 మంది, చట్టము తమకిచ్చిన రక్షణను కవచముగా ధరించి, కుంచెలు పట్టి మరల గులాబి పూసిరి. ట్యాంకు అదే, రంగు అదే. విద్యార్థి పూసిన నేరము, శాసనకర్తలు పూసిన అభిప్రాయము! ఈ ధర్మసూక్ష్మము భీష్మునకైన తెలియునో లేదో.

ఆ వ్రేలు మోటుచేష్టయే, కాదనను. ఆ గొంచరెంకో 1945 మే 9న, విమోచనదినముననే, ప్రాగ్‌లో ప్రాణము విడిచెను, అతనికి నమస్కరింపవలసినదే. కాని అతని పేర అతనిది కాని ట్యాంకును నిలిపి, తప్పుసంఖ్య వ్రాసి, దానిచాటున ఒక సామ్రాజ్యము తన పెత్తనమునకు హారతి పట్టించుకొన్నచో, మృతుని అవమానించినది గులాబిరంగని చెప్పుటకు చాల గట్టి నాలుక కావలెను.

ఆ ట్యాంకును కొలదికాలమునకే పీఠమునుండి దింపివేసిరి. 2011లో, సోవియట్ సేనలు వెడలిపోయిన యిరువదేండ్ల ఉత్సవమునకై, దానిని వల్తావా నదిపై తేల్చి చూపిరి. నేడది లెషానీలో చెక్ సైన్యపు సంగ్రహశాలయందే గులాబిరంగుతో భద్రముగా నున్నది; ఆకుపచ్చ పవిత్రతను నమ్మినవారు ఫిర్యాదు చేయదలచినచో, ఆ సైన్యమునకే చేసికొనవలెను.