ఫైలుదొడ్డి

ఐదేళ్ళుగా అటకెక్కి ఉన్న నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21న ఒక్కసారిగా కిందికి దిగాయి. ఒకే రిజిస్ట్రేషన్, ఒకే లైసెన్సు, ఒకే రిటర్న్. పని స్థలానికి వచ్చే అధికారి కూడా ఇక ఉత్త ఇన్‌స్పెక్టర్ కాడు, 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్'. జరిమానాల జోలికి పోకుండా సలహాలిచ్చి, అవగాహన పెంచి, నిబంధనలు పాటించేలా చెయ్యి పట్టుకుని నడిపిస్తాడని కేంద్ర కార్మిక శాఖ మురిసిపోతూ చెప్పింది. యజమానికి దారి చూపే దొర దొరికాడు. మరి కట్టుబడి పనిలో ఉన్న కూలికి దొడ్డి దారి ఎవరు చూపిస్తారు?

ఆ చింత అక్కర్లేదు. ప్రపంచంలోకెల్లా తేలికైన పోర్టబుల్ టాయిలెట్ మన దగ్గర ఎప్పుడో తయారైంది. దాని పేరు ఫైలుదొడ్డి.

ప్లాస్టిక్ డబ్బా టాయిలెట్‌కు లారీ కావాలి, నీళ్ళ ట్యాంకు కావాలి, వారం తిరక్కుండా పంపు పెట్టి తోడేవాడు కావాలి. ఫైలుదొడ్డికి ఒక కాగితం చాలు. కోడ్‌ల పుణ్యమా అని ఇప్పుడు కాగితం కూడా దండగే, పోర్టల్‌లో ఒక గడిలో టిక్కు పెడితే దొడ్డి కట్టినట్టే. బెంగళూరులో నొక్కితే ముళబాగిలులో లేస్తుంది. కంపు కొట్టదు, ఈగలు ముసరవు. ఇంతవరకూ ఎవరూ వాడలేదు కాబట్టి పాడయ్యే ప్రసక్తే లేదు.

నిబంధనలకు లోటా అంటే, అదీ లేదు. కట్టుబడి కార్మికుల చట్టం 1996 నాటిది, దాని కేంద్ర నియమాలు 1998 నాటివి. కొత్త నియమాలు వచ్చేదాకా పాతవే నడుస్తాయని ప్రభుత్వమే చెప్పింది. వాటి ప్రకారం దొడ్డికి కప్పు ఉండాలి, చాటు ఉండాలి, తలుపూ గడియా ఉండాలి. ఫైలుకు అట్ట ఉంది, అదే కప్పు. లోపలి కాగితాలు ఎవరికీ కనబడవు, అదే చాటు. ట్యాగు బిగించి ముడి వేస్తే గడియ పడ్డట్టే. ఆడవాళ్ళకు వేరుగా, మగవాళ్ళకు వేరుగా ఉండాలి, కూలీల్లో ఎక్కువమందికి తెలిసిన భాషలో బోర్డు రాసి మనిషి బొమ్మ కూడా వెయ్యాలి. ఈ ఒక్క నియమాన్ని మాత్రం కొందరు కాంట్రాక్టర్లు తూచా తప్పకుండా పాటిస్తారు. బోర్డు ఉంటుంది, బొమ్మ ఉంటుంది, ఫోటో తీసి పంపాక ఆ బోర్డు ఇంకో సైటుకు వెళ్ళిపోతుంది. పోర్టబుల్ అన్న మాటకు అంతకంటే న్యాయం చేసినవాడు లేడు.

లెక్కలో కూడా చట్టం ఎక్కడా తగ్గలేదు. కాంట్రాక్టు కూలీల నియమాల ప్రకారం పాతికమందికి ఒక దొడ్డి. ఎనిమిది గంటల పనిలో మనిషికి పంతొమ్మిది నిమిషాలు వస్తాయి, ఫరవాలేదు. అయితే నూరుమంది దాటాక యాభైమందికి ఒకటి చాలట. నూట ఒకటో కూలి నుంచి కడుపు సగానికి సగం చిన్నదవుతుందని కనిపెట్టిన మహానుభావుడెవరో! ఇక పదిమందికి లోపు పనిచేసే చోట కట్టుబడి కార్మికుల చట్టమే వర్తించదు. తొమ్మిదిమంది ఉన్నచోట ఎవరికీ ఒంటేలు రాదని శాస్త్రం. సొంత ఇల్లు కట్టుకునేవారి విషయంలో ఆ శాస్త్రం ఇంకా ముందుకు పోయింది: నిర్మాణ ఖర్చు పది లక్షల లోపుంటే పాత చట్టం వదిలేసేది, కొత్త కోడ్ యాభై లక్షల దాకా వదిలేసింది.

పట్టుబడితే? ఆ భయమూ తీరిపోయింది. జరిమానాతో పోయే తప్పయితే, గరిష్ఠ జరిమానాలో సగం కట్టి కేసు లేకుండా రాజీ చేసుకోవచ్చు. ఆషాఢం సేల్ అయినా నెల రోజులకు ముగుస్తుంది, ఇది ఏడాది పొడవునా యాభై శాతం తగ్గింపు.

ఇంత గొప్ప సరుకు ఢిల్లీలో పుట్టిందంటే కోలారు జిల్లా నొచ్చుకుంటుంది. దీని మొదటి మోడల్ ఆ జిల్లా బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో వచ్చింది, కాకపోతే తిరగేసిన మోడల్. ఇప్పుడు ఫైల్లో ఉన్న దొడ్డి నేల మీద ఉండదు. అప్పుడు నేల మీద ఉన్న దొడ్డి ఫైల్లో ఉండేది కాదు. శివనసముద్రం నుంచి 1902లోనే కరెంటు తెచ్చుకున్న ఊరు ఇది. చాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్ల లోతుకు మనుషుల్ని దింపి, బంగారంతో బాటు పైకి లాగిన ఊరు. ఇంత ఇంజినీరింగ్ తెలిసినవాళ్ళకు కూలీల లైన్లలో దొడ్డికి నీళ్ళు పెట్టడం మాత్రం తెలియలేదు. జాన్ టేలర్ కంపెనీ దొరలు పోయారు, ప్రభుత్వ సంస్థగా భారత్ గోల్డ్ మైన్స్ వచ్చింది, ఎండు దొడ్లు మాత్రం అలాగే ఉన్నాయి. తెల్లారితే రేకూ బకెట్టూ పట్టుకుని వాటిని ఎత్తిపోసింది తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు.

ఆ కుటుంబాల్లో ఒకదాంట్లో 1966లో పుట్టినవాడు బెజవాడ విల్సన్. ఒకరోజు ఎత్తిపోసే చోటికి వెళ్ళి చూశాడు. ఒక మనిషి బకెట్టు జారి గుంటలో పడింది. అతను చేతిని గుంటలోకి ముంచి దాన్ని వెతికి పైకి తీశాడు. విల్సన్ 1986 నుంచి అధికారులకు ఉత్తరాలు రాశాడు. జవాబు లేదు. 1993లో పార్లమెంటు ఎండు దొడ్లను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం వద్దంది కాబట్టి ఉండకూడదు, ఉండకూడదు కాబట్టి లేవు. ఫైలు తర్కం ఎప్పుడూ ఇంతే. చివరకు ఫోటోలు పేపర్లకెక్కాయి, కోర్టుకు లాగుతామన్న ఉత్తరం ప్రధానమంత్రి దాకా వెళ్ళింది, అప్పుడు గానీ 1994లో యాజమాన్యానికి ఆ దొడ్లు కనబడలేదు. వాటిని నీటి దొడ్లుగా మారుస్తామని, పనివాళ్ళకు వేరే పని ఇస్తామని ఒప్పుకుంది. విల్సన్‌కు 2016లో మెగసెసే అవార్డు వచ్చింది.

ఇదంతా గడిచిన కథ అనుకునేవాళ్ళు 2011ను కూడా చదువుకోవాలి. నిషేధం వచ్చిన పద్దెనిమిదేళ్ళకు, అదే కేజీఎఫ్‌లో మలం గుంట శుభ్రం చేయడానికి దిగిన ముగ్గురు ఊపిరాడక చచ్చిపోయారు. రికార్డులో లేని గుంటలో మనిషి ఎలా చస్తాడో ఏ ఫెసిలిటేటరైనా వచ్చి వివరిస్తే బాగుండును.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అప్పటినుంచి కేజీఎఫ్ బతుకు రైలు మీదే. తెల్లవారకముందే మారికుప్పంలో, చాంపియన్‌లో, ఊరుగాంలో ఎక్కిన జనం బెంగళూరులో దిగి పనులకు చెదిరిపోతారు. వాళ్ళలో తట్ట మోసే ఆడవాళ్ళూ ఉన్నారు. ఇక్కడొక విచిత్రం. బెంగళూరు దొడ్లలోంచి పారిన మురుగును శుద్ధి చేసి, రోజుకు 44 కోట్ల లీటర్ల దాకా పైపుల్లో కోలారు వైపు చెరువులకు పంపే పథకం 2018 నుంచి నడుస్తోంది. అంటే రాజధాని దొడ్డి నీళ్ళకు జిల్లా దాటి వచ్చేందుకు రాచబాట ఉంది. కోలారు నుంచి పోయిన కూలిమనిషికి ఆ రాజధానిలో కూర్చోవడానికి చోటు లేదు.

అడిగితే మేస్త్రి చెప్పే మాట ఒక్కటే: "అట్ల జల్లి కుప్ప వెనక్కి పోయి రామ్మా, ఎవరు చూస్తారు?" అందరూ చూస్తారు. పైన సెంట్రింగ్ కొట్టేవాళ్ళు చూస్తారు, పక్కింటి బాల్కనీలోంచి చూస్తారు. అందుకే ఆమె పొద్దున్నుంచీ నీళ్ళు తాగదు. ఎండలో ఇసుక మోస్తూ గొంతు ఎండబెట్టుకుంటుంది. ముట్టు రోజుల్లో పని మానేస్తుంది, కూలి పోతుంది. మూత్రంలో మంట వస్తే మాత్రలకు ఆ కూలి డబ్బే పోతుంది. ఇది ఒళ్ళు మండే విషయం. ఇందులో వ్యంగ్యానికి చోటు లేదు.

డబ్బు లేక కాదు. నిర్మాణాల ఖర్చు మీద ఒక శాతం సెస్సు ఈ కూలీల పేరు చెప్పే వసూలు చేస్తున్నారు. దేశమంతా వసూలైంది 37 వేల కోట్ల పైమాట, ఖర్చయింది దాదాపు 9,500 కోట్లని 2018లో సుప్రీంకోర్టు మందలించింది. అందులోనూ కూలీలకు లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషిన్లు కొన్నారట! ఉతకడానికి యంత్రం ఇచ్చినవాళ్ళకు కూర్చోవడానికి నాలుగు రేకులు ఇవ్వాలని తోచలేదు. ఇది చేతకానితనం కూడా కాదు, చదువుకున్నవాళ్ళు తెలిసి చేస్తున్న దౌర్జన్యం.

కర్ణాటక నియమాల్లో ఒక్క వాక్యం చేర్చాలి. లైసెన్సు ఇచ్చే ముందు ఆ ఫెసిలిటేటర్ గారు సైటుకు వెళ్ళాలి, పొద్దున ఎనిమిదింటికి రెండు చెంబుల నీళ్ళు తాగాలి, సాయంత్రం ఆరింటి దాకా గేటు దాటకుండా అక్కడే ఉండాలి, ఆ తర్వాతే సంతకం పెట్టాలి. ఇల్లు కట్టుకుంటున్న పాఠకులు మాత్రం ఏ నియమం కోసమూ ఆగనక్కర్లేదు. కోడ్ మిమ్మల్ని వదిలేసినా, ముగ్గు పోసిన మర్నాడే ఒక గుంట, ఒక బేసిన్, ఒక తలుపు, లోపలినుంచి వేసుకునే గడియ, ఒక డ్రమ్ము నీళ్ళు పెట్టించండి. ఆ పని అయ్యాకే పునాది తవ్వమని మేస్త్రికి చెప్పండి.