కుమార్తె సందేశానికి తండ్రి టీక

అవతారిక

కాళిదాసుకు మల్లినాథసూరి ఉన్నాడు. మెదక్ దగ్గరి కొలిచెలమ వాడు, అంటే మనవాడే. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని టీకకు ముందే ఒట్టు పెట్టుకున్నాడు. మా అమ్మాయికి నేనున్నాను. ఒట్టులో మొదటి సగం నిలుపుకోగలను. రెండో సగం ఆడపిల్ల తండ్రి వల్ల అయ్యే పని కాదు.

మూలకర్త్రి పన్నెండో తరగతి. నివాసం అమెరికాలో టెక్సస్, ఫ్రిస్కో. కూచిపూడి తొమ్మిదేళ్లు నేర్చింది, స్కూలు నాటకాల్లో నాలుగేళ్లు ఆడింది. కాలేజీలో నటనే చదువుతానని నిరుడు ఉగాది పచ్చడి తింటూ ప్రకటించింది. ఈ గ్రంథం నవంబరు మొదటి వారంలో ఒక రాత్రి పదకొండున్నరకు, పక్క గదిలోంచి, వాట్సాప్ ద్వారా వెలువడింది. రోమన్ లిపిని తెలుగు లిపిలోకి మార్చడం తప్ప నేను ఒక్క అక్షరం దిద్దలేదు.

మూలం

నాన్నా, రెండు మోనోలాగులు, కాంట్రాస్టింగ్‌గా, ఒక్కోటి నైంటీ సెకన్లు. ప్రీస్క్రీన్ పాసైతే ఫిబ్రవరిలో షికాగో. సేఫ్టీ స్కూల్స్ గురించి అమ్మకి నువ్వే చెప్పు. టెన్షన్ పడకు.

ప్రతిపదార్థం

నాన్నా = ఓ జనకుడా; రెండు మోనోలాగులు = ఇరువురు వేర్వేరు పాత్రల ఒంటరి మాటలు; కాంట్రాస్టింగ్‌గా = ఒకదాని ముఖము మరొకదానికి లేనట్లుగా; ఒక్కోటి = ప్రత్యేకముగా ఒక్కొక్కటి; నైంటీ సెకన్లు = తొంబది లిప్తలు (స్థూలముగా); ప్రీస్క్రీన్ = వడపోతకు ముందరి వడపోత; పాసైతే = దాటినచో; ఫిబ్రవరిలో = ఒళ్లు కొయ్యబారు మాసమునందు; షికాగో = ఆ పేరుగల పట్టణమునకు; సేఫ్టీ స్కూల్స్ గురించి = రానివి రాకపోయినను వచ్చు బడులను గూర్చి; అమ్మకి = మాతకు; నువ్వే = నీవే, అనగా నేను కాదు; చెప్పు = ఎరిగింపుము; టెన్షన్ పడకు = దీనికి అర్థము చివర చెప్పబడును.

విశేషాలు

"నాన్నా": సంబోధన. దీనికి వాచ్యార్థం తండ్రి, లక్ష్యార్థం క్రెడిట్ కార్డు. దరఖాస్తుకు రుసుము వేరు, ఆడిషన్‌కు రుసుము వేరు, బడులు పన్నెండు. గుణకారం పాఠకులకే వదిలేస్తున్నాను.

"మోనోలాగులు": మన ఏకపాత్రాభినయానికి దూరపు చుట్టం. దూరం ఎంతో చెప్పాలి. మా తాతగారు తెనాలిలో కృష్ణుడి వేషం కట్టేవారు. పాండవోద్యోగ విజయాల్లో ఒక పద్యం ఎత్తుకుంటే రాగం తీయడానికే ఇక్కడి తొంబై సెకన్లు చాలవు. జనం వన్స్‌మోర్ అంటే పడిపోయిన శవం కూడా లేచి మళ్లీ పాడి మళ్లీ పడిపోయిన రోజులవి. ఇక్కడ తొంబై ఒకటో సెకన్లో "థాంక్యూ" అంటారు. ఆ థాంక్యూకు మెచ్చుకోలు, తిరస్కారం, ఆకలి, ఈ మూడర్థాలూ ఉన్నాయని అనుభవజ్ఞులు.

నియమాలు ఇవి. అచ్చయిన నాటకంలోంచే తీసుకోవాలి, సినిమాలోంచి కూడదు. పాత్ర వయసు ఆడేవారి వయసుకు దగ్గరగా ఉండాలి. రాని యాస పెట్టరాదు. ఎదుట కూర్చున్నవారి కళ్లలోకి సూటిగా చూడరాదు, వారి తల పైనో పక్కనో గోడమీద ఒక మనిషిని ఊహించుకుని ఆ మనిషితో మాట్లాడాలి. కుర్చీ ఒక్కటే ఇస్తారు. కత్తీ కిరీటం ఏవీ ఉండవు. అంటే భరతుడు చెప్పిన చతుర్విధాభినయాల్లో ఆహార్యం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మిగిలినవి ఆంగికం, వాచికం, సాత్త్వికం.

ఇక్కడ ఒక ప్రక్షిప్తం. గురజాడ కన్యాశుల్కం తెర లేవగానే గిరీశం ఒక్కడే నిలబడి తన గోడు వెళ్లబోసుకుంటాడు. అచ్చయిన నాటకం. వెల్చేరు నారాయణరావు చేసిన ఇంగ్లీషు అనువాదం 2007లో అమెరికాలోనే వచ్చింది. కాబట్టి నియమభంగం లేదు, నాటకంలో మొట్టమొదటి మాటే మోనోలాగు, ఇంతకంటే ఏం కావాలి అని నేను పూర్వపక్షం చేశాను. మూలకర్త్రి "నాన్నా, ఐ యామ్ సెవెంటీన్" అని ఒకే వాక్యంతో ఖండించింది. సిద్ధాంతం ఆమెదే.

"కాంట్రాస్టింగ్‌గా": ఇక్కడ వ్యాఖ్యాతల్లో మతభేదం ఉంది. ఒకటి నవ్వించేది, ఒకటి ఏడిపించేది అని కొందరు. ఒకటి పాతది, ఒకటి కొత్తది అని కొందరు. చాలా బడులు రెండోదే అంటాయి. పాతది అంటే ఆచరణలో షేక్స్‌పియర్. జూలియార్డ్ మాత్రం ఈ గొడవ లేకుండా పాతవి రెండు, కొత్తవి రెండు, పైగా వాద్యం లేకుండా ఒక పాట ముక్క అడుగుతుంది. అక్కడ ఏటా తీసుకునేది ఇరవై మంది లోపే. అడగ్గలదు, అడిగింది.

కొత్త నాటకం పేరు బయటపెట్టొద్దని మూలకర్త్రి ఆజ్ఞ, పక్కవాళ్లు కొట్టేస్తారట. పాతది మాత్రం చెప్పవచ్చు. 'టూ జెంటిల్మెన్ ఆఫ్ వెరోనా'లో జూలియా. ప్రియుడు రాసిన ఉత్తరాన్ని పరిచారిక ముందు బింకంగా చింపేసి, ఆమె వెళ్లగానే నేలమీద కూర్చుని ముక్కలు ఏరుకుంటుంది. మన లెక్కలో ఈవిడ కలహాంతరిత, అంటే తగవు పెట్టుకుని పంపేసి తర్వాత బాధపడే నాయిక. అష్టవిధ నాయికల్లో ఒకర్తె. కూచిపూడి వారికి ఇలాంటి కథ కొత్త కాదు. భామాకలాపంలో సత్యభామ కృష్ణుడికి ఉత్తరం రాసి పంపుతుంది. ఈమె వచ్చిన ఉత్తరం చింపుతుంది. రెండుచోట్లా కాగితం ఒక్కటే, ఉక్రోషం ఒక్కటే.

అందుకే నేను ధీమాగా ఉన్నాను. తొమ్మిదేళ్ల అభినయం ఊరికే పోతుందా? తీరా వారానికి ఒకసారి తెరమీద కనపడి నేర్పే కోచ్ మొదటి పాఠంలోనే, కనుబొమలు కొంచెం దించమ్మా అన్నారు. ఆడిటోరియం చివరి వరుసలో ఆవలిస్తున్న మామయ్యకు కూడా అందేలా మా పిల్లకు ముఖం పలికించడం అలవాటు. ఇక్కడ గది చిన్నది, చూసేవాళ్లు ఇద్దరు ముగ్గురు, పది అడుగుల దూరం. జూలియా చింపిన ముక్కలు కనిపించాలి, సత్యభామ జడ కనిపించకూడదు. నవంబరంతా ఆ జడ తీసెయ్యడానికే సరిపోయింది. తొమ్మిదేళ్లు వృథా అయ్యాయా అని మా ఆవిడ అడిగింది. కోచ్ జవాబు నాకు నచ్చింది: ఈ పిల్లకు నిలబడడం వచ్చు, మిగతావాళ్లకు అదే రాదు.

"ప్రీస్క్రీన్": ముందు ఇంట్లో వీడియో తీసి పంపాలి. బడి వారు చూసి, నచ్చితేనే ఎదురుగా రమ్మంటారు. ఫోను అడ్డంగా పట్టుకోవాలి, వెనక గోడ బోసిగా ఉండాలి, పేరూ నాటకం పేరూ ముందు చెప్పాలి. మా ఇంట్లో బోసిగోడ లేదు. వేంకటేశ్వరస్వామి పటం దించి, తీశాక మళ్లీ పెట్టాం. ముప్పై ఆరుసార్లు తీశాం, నాలుగోది పంపాం. చాలా బడులు ఈ వీడియోలను అందుకునే వెబ్‌సైటు పేరు యాక్సెప్టెడ్. ఇంగ్లీషు వర్ణక్రమంలో చివరి 'ఇ'ని మింగేసి రాస్తారు. అంగీకారం ఇంకా పూర్తికాలేదని ధ్వని.

"పాసైతే": చేదర్థకం. ఈ ఒక్క 'ఐతే' మీదే గ్రంథమంతా వేలాడుతోంది. నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో బ్రహ్మ నాట్యవేదం తయారుచేసి, దీన్ని దేవతలకు నేర్పమని ఇంద్రుడికి అప్పగిస్తాడు. ఇంద్రుడు చేతులు జోడించి, మావాళ్లకు గ్రహించడం, గుర్తుంచుకోవడం, తెలుసుకోవడం, ప్రయోగించడం ఇవేవీ చేతకావు, నాట్యానికి పనికిరారు అంటాడు. అంటే నాకు తెలిసినంతలో మొదటి ఆడిషన్‌లో దేవతలు మూకుమ్మడిగా తప్పారు. సీట్లు భరతమునికీ ఆయన నూరుగురు కొడుకులకూ దక్కాయి. ఈ రెండో సంగతి ఫిలింనగర్ వారికి విడమరచి చెప్పనక్కర్లేదు.

"ఫిబ్రవరిలో షికాగో": వాక్యంలో క్రియ లేదు. టికెట్లు కొనవలెను, హోటలు తీయవలెను, సెలవు పెట్టవలెను అనే క్రియలు అధ్యాహార్యాలు. మూలకర్త్రికి కర్తనో క్రియనో మింగేసే అలవాటు మొదటినుంచీ ఉంది.

దేశం నలుమూలల బడులు ఒకేచోటికి వచ్చి పిల్లలను చూసే తిరునాళ్లను యూనిఫైడ్స్ అంటారు. న్యూయార్క్, షికాగో, లాస్ ఏంజెలెస్ వైపు జనవరి, ఫిబ్రవరి నెలల్లో జరుగుతాయి. షికాగోలో ఏళ్ల తరబడి దీనికి వేదిక పామర్ హౌస్ అనే హోటలు. పండితులు కూర్చునే చోటికి పామరుల ఇల్లని పేరు రావడం శ్లేష. అసలు హోటలు 1871లో తెరిచిన పదమూడు రోజులకే ఊరంతా అంటుకున్న మంటల్లో బూడిదైంది, మళ్లీ కట్టారు. ఇది ముందే తెలిస్తే మా అత్తగారు ప్రయాణం ఆపేసేవారు. తెలియదు కాబట్టి ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ గుడిలో అర్చన చేయించి పంపారు.

ఆ హోటలు గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, క్షమించాలి. లిఫ్టులో తొమ్మిదిమంది పిల్లలు, తొమ్మిదిమందీ గోడతో మాట్లాడుతున్నారు. కారిడారులో తివాచీ మీద ఒకడు వెల్లకిలా పడుకుని ఊపిరి లెక్కపెడుతున్నాడు. ఒకమ్మాయి పెదాలు బుర్రుబుర్రుమనిపిస్తూ అటూ ఇటూ నడుస్తోంది. చిన్నప్పుడు మా అమ్మాయి అన్నం తిననని అదే శబ్దం చేసేది. గోడ పక్కన తల్లిదండ్రులు ఫైళ్లు పట్టుకుని నిలబడ్డారు. ఎమ్సెట్ కౌన్సెలింగులో మా నాన్న అచ్చం అలాగే నిలబడ్డాడు. అప్పుడు ఆయన ముఖం చూసి నాకు నవ్వొచ్చింది.

ముందుగా పిలవని బడులు కూడా కొన్ని అక్కడికక్కడ పేరు రాసుకుని చూస్తాయి, వాటిని వాక్-ఇన్ అంటారు. మా అమ్మాయి అలా ఒక గదిలోకి దూరింది. జూలియా అయ్యాక అక్కడి ఆయన, అవే మాటలు ఉత్తరం చింపింది నువ్వు కాదు మీ చెల్లెలు అనుకుని చెప్పు అన్నాడట. ఈ మెలిక పెట్టడాన్ని రీడైరెక్షన్ అంటారు. పిల్ల బాగా చేసిందా అని కాదు, చెప్పింది విని మార్చగలదా అని చూస్తారు. గ్రహణం, ధారణ, జ్ఞానం, ప్రయోగం: ఇంద్రుడు తనవాళ్లకు చేతకావన్నవి ఈ నాలుగే. మా అమ్మాయికి చెల్లెలు లేదు. ఉన్నట్టు ఏడ్చింది. బయటికొచ్చి ఆకలేస్తోందంది.

"సేఫ్టీ స్కూల్స్": ఈ సమాసం విషయంలో లోకంలో పెద్ద పొరపాటు ఉంది. చవకబారు బడి అని కొందరంటారు, అది సరికాదు. సీటు ఖాయంగా వచ్చేది, ఫీజు కట్టగలిగేది, వెళ్తే ఏడవకుండా చదవగలిగేది, ఈ మూడూ కలిస్తేనే సేఫ్టీ. నార్త్‌వెస్టర్న్‌లో రంగస్థలం బీఏకు ఆడిషన్ అక్కర్లేదని వినగానే మా ఆవిడ అది సేఫ్టీ అనుకుంది. ఆడిషన్ లేకపోయినా అది ఎవరికీ సేఫ్టీ కాదు, మార్కుల గుమ్మం ఎత్తు అలాంటిది.

బీఎఫ్ఏకూ బీఏకూ తేడా ఏమిటంటే, బీఎఫ్ఏలో చదువులో మూడింట రెండు వంతులు నటన చుట్టూ తిరుగుతుంది. బీఏలో చరిత్రో గణితమో కూడా కాళ్లు చాపుకుంటుంది. కొన్నిచోట్ల నాటకశాఖ వారు రమ్మన్నా మార్కులు చూసే శాఖ వద్దనవచ్చు. పెళ్లికూతురికి నచ్చినా మేనమామ అడ్డం తిరిగినట్టు.

"అమ్మకి నువ్వే చెప్పు": ఇక్కడ ఏవకారం అవధారణార్థకం. తప్పించుకునే దారి లేదు. చెప్పాను. కార్నెగీ మెలన్ అన్నాను. మా ఆవిడ ముఖం వెలిగింది. మనవాళ్లకు కార్నెగీ మెలన్ అంటే కంప్యూటర్లు. అక్కడ కంప్యూటర్ శాఖ 1965లో పుట్టింది, నాటకశాఖ 1914లో. దేశంలో నాటకానికి డిగ్రీ ఇచ్చిన మొదటి చోటు అదే. అన్నగారు వచ్చి యాభై ఏళ్లయ్యాక పుట్టిన తమ్ముడు ఇంటిపేరు నిలబెట్టినట్టయింది. అప్పటినుంచి చుట్టాలు అడిగితే మా ఆవిడ "సీఎంయూకి అప్లై చేసింది" అని అక్కడితో ఆపుతోంది. అబద్ధం కాదు. దీన్ని అలంకారశాస్త్రంలో అపహ్నుతి అనవచ్చునా అని నాకు సందేహం ఉండేది, ఇప్పుడు లేదు.

బడి ఎంచుకోవడంలో నా మాట కూడా ఒకటి చేర్చనివ్వండి. పేరు చూసి మోసపోకండి. మొదటి ఏడాది పిల్లలను వేదిక ఎక్కనిస్తారా (చాలాచోట్ల ఎక్కనివ్వరు), తరగతికి ఎందరు, చదువు ముగిసేటప్పుడు ఏజెంట్లకు చూపించే షోకేస్ ఏ ఊళ్లో, ఎంత స్కాలర్‌షిప్ ఎన్నేళ్లు, ఇవి అడగండి. ఒకప్పుడు కొన్ని పేరున్న బడుల్లో కట్ అనే పద్ధతి ఉండేది. ఏడాదో రెండేళ్లో నేర్పి, చాలు వెళ్లమని కొందరిని పంపేసేవారు. ఇప్పటికీ ఉందా అని నేను ఒక బడి ప్రతినిధిని అడిగితే, మా అమ్మాయి కాలు తొక్కింది. అయినా అడగాల్సిందే.

"టెన్షన్ పడకు": పడు అనే క్రియ తెలుగులో ఎన్నిటికో తోక. భయపడు, సిగ్గుపడు, కష్టపడు, ఇష్టపడు. ఇక్కడ నిషేధార్థం. ఎవరు పడకూడదు? మధ్యమ పురుష ఏకవచనం కాబట్టి నాన్న అని వ్యాకరణం. తనకు తానే చెప్పుకుందని మా ఆవిడ పాఠం. రాత్రి పదకొండున్నరకు పక్క గదిలో లైటు వెలుగుతూనే ఉంది కనుక ఈ పాఠాన్ని కొట్టిపారేయలేను.

అనుబంధం

పై టీక ఫిబ్రవరిలోనే పూర్తయింది. మే 1 లోపల ఏదో ఒక బడికి మాట ఇవ్వాలి, జవాబులు మార్చిలో ఒక్కొక్కటే రాలుతాయి. ఇప్పటికి ఏడు వచ్చాయి, ఏడూ వద్దన్నవే. ఈరోజు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా మూలకర్త్రి నుంచి కొత్త గ్రంథం వెలువడింది. మొత్తం ఒకే మాట.

వచ్చింది

కర్త లేదు. సీటా, ఉత్తరమా, ఏడుపా? ఏకవచనం, అమహత్తు, భూతకాలం. మూడింటికీ సరిపోతుంది. చివర చుక్క కూడా లేదు. ఏంటి అని అడిగాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. టైపింగ్ అని చూపిస్తోంది, ఆగిపోతోంది, మళ్లీ చూపిస్తోంది.